పారిపోని పిల్ల కథ: మా నలుగురిలో ముగ్గురికి నచ్చలేదు

ముందే చెప్పేస్తున్నా, ఈ పుస్తకానికి నేను ఐదుకి నాలుగు ఇస్తాను. మా ఆఫీసు పుస్తకాల బ్యాచ్‌లో మిగతా ముగ్గురివీ కలిపినా నాలుగు దాటదేమో. పేరు 'ఎ కాంప్లికేటెడ్ కైండ్‌నెస్', రాసింది కెనడా రచయిత్రి మిరియం టేవ్స్. 2004లో వచ్చింది, ఆ ఏడాదే అక్కడి గవర్నర్ జనరల్ అవార్డు కూడా దక్కింది. నేను ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద 150 రూపాయలకి కొన్నాను. వెనక అట్ట మీద ఎవరో టీ గ్లాసు పెట్టినట్టు గుండ్రటి మరక ఉంది, అది తప్ప కాపీ బాగుంది, అక్షరాలు కూడా కళ్లకి ఇబ్బంది లేకుండా ఉన్నాయి. తెలుగులో దొరుకుతుందేమో అని వెతక్కండి, ఇంగ్లీషులోనే చదవాలి.

కథ కెనడాలో మానిటోబా అనే రాష్ట్రంలోని ఒక చిన్న ఊళ్లో జరుగుతుంది. కల్పిత ఊరే, కానీ రచయిత్రి పుట్టి పెరిగిన స్టైన్‌బాక్ దాని వెనక ఉందని చదివినవాళ్లందరూ అంటారు. ఊరంతా మెన్నోనైట్లు, అంటే ఒక క్రైస్తవ శాఖవాళ్లు. నోమి అనే పదహారేళ్ల పిల్ల తన కథ తనే చెబుతుంది. వాళ్లమ్మ ట్రూడీని చర్చి సంఘం వెలివేసింది, ఆవిడ వెళ్లిపోయింది. అక్క టాష్ అంతకుముందే వెళ్లిపోయింది. ఇంట్లో మిగిలింది నోమి, వాళ్ల నాన్న రే. ఆయన టీచరు, ఎప్పుడూ కోటూ టై, సాయంత్రమైతే ఇంటి ముందు మడత కుర్చీ వేసుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చుంటాడు. ఇంట్లో సామాన్లు ఒక్కొక్కటే మాయమవుతుంటాయి, ఆయనే అమ్మేస్తుంటాడు. రాత్రిళ్లు ఊరి చెత్తకుప్ప దగ్గరికి వెళ్లి అక్కడి చెత్తని సర్దుతాడు! ఇది చదివి నేను గట్టిగా నవ్వాను, రెండు పేజీల తర్వాత నవ్వినందుకు నాకే సిగ్గేసింది.

మెన్నోనైట్ అనే మాట మనకి మరీ కొత్తదేం కాదు. మహబూబ్‌నగర్, జడ్చర్ల, షంషాబాద్ వైపు ఎం.బి. చర్చి అంటే ఎవరైనా చెబుతారు. ఎం.బి. అంటే మెన్నోనైట్ బ్రదరన్. అప్పటి రష్యా సామ్రాజ్యం నుంచి, అంటే ఇప్పటి ఉక్రెయిన్ వైపు నుంచి, అబ్రహాం ఫ్రీసెన్ అనే ఆయన భార్యతో కలిసి 1890 ప్రాంతంలో నల్లగొండ వచ్చి పని మొదలుపెట్టాడు. నవల్లో ఉన్నవాళ్లది అదే చెట్టుకి వేరే కొమ్మ, అక్కడి పద్ధతులు తెచ్చి ఇక్కడివాళ్లకి అంటగట్టకండి. చెట్టు మొదలు మాత్రం ఒకటే, 16వ శతాబ్దంలో మెన్నో సైమన్స్ అనే డచ్చి ఫాదరు తన చర్చి వదిలి బయటికొచ్చాడు, పెద్దయ్యాకే బాప్తిస్మం, కత్తి పట్టకూడదు, ఇలాంటివన్నీ ఆయన బోధలే. నోమి ఊళ్లో ఆ కూడదుల చిట్టా బాగా పెరిగిపోయింది. సినిమా వద్దు, డాన్స్ వద్దు, లిప్‌స్టిక్ వద్దు, రాత్రి తొమ్మిది దాటి మేలుకోవద్దు. పిల్లలు స్కూలయ్యాక ఎక్కడికి పోతారంటే, ఊళ్లో ఉన్న కోళ్లని కోసే ఫ్యాక్టరీకి. ఆ పక్కనే అమెరికా టూరిస్టులు టికెట్ కొని చూసే పాతకాలపు ఊరి మ్యూజియం. శిల్పారామంలో మట్టి మనుషుల పల్లె దగ్గర మనం ఫొటోలు దిగుతాం చూడండి, కాకపోతే నోమి ఊళ్లో ఆ మనుషులు నిజంగానే కాస్త దూరంలో బతుకుతుంటారు, అదీ తేడా.

ఇక మా వాళ్ల సంగతి. ఆఫీసులో నెలకో పుస్తకం అని నలుగురం కూడుతాం, ఇరానీ చాయ్ ఖర్చు పుస్తకం తెచ్చినవాళ్లది. ఒకతను మడీ ఆచారం ఉన్న ఇంటివాడు. అరవై పేజీల దగ్గర ఆపేశాడు. "దేవుణ్ణి నమ్మేవాళ్లందరూ పిచ్చోళ్లన్నట్టు రాసింది, ఇలాంటివి మన మీద చాలా వచ్చాయి, ఇప్పుడు వాళ్ల మీద కూడానా" అన్నాడు. ఆపకుండా ఇంకో వంద పేజీలు చదివుంటే ఆ మాట అనేవాడు కాదు. టోలీచౌకీ నుంచి వచ్చే అమ్మాయి పూర్తిగా చదివింది, కానీ చిరాకు పడింది. "సిగరెట్ తాగడం, క్లాసులు ఎగ్గొట్టడం, గుండు గీయించుకోవడం, ఇదా తిరుగుబాటు? నేను బీటెక్‌లో వేరే ఊరి కాలేజీలో చేరడానికి మా ఇంట్లో చేసిన గొడవ ముందు ఇదెంత" అంది. ఆమె కోపం నిజమైనదే, ఆ గొడవ ఎంత దూరం పోయిందో నాకు తెలుసు. మూడో అతను ఒక్కటే ప్రశ్న, తిప్పి తిప్పి అదే. "అమ్మ పోయింది, అక్క పోయింది, డ్రైవింగ్ వచ్చు, మరి ఈ పిల్ల పోదేం?"

ఇక్కడే నాకు వాళ్లతో పేచీ. మన చదువరులకి తిరుగుబాటు అంటే లేచిపోవడం. చలం 1927లో రాసిన 'మైదానం'లో రాజేశ్వరి అమీర్‌తో వెళ్లిపోయినప్పటి నుంచి మన లెక్క అదే, గడప దాటితే ధైర్యం, దాటకపోతే పిరికితనం. ఈ నవల్లో గడప దగ్గర కట్టేసింది పాస్టరో, నరకం భయమో కాదు. మడత కుర్చీలో కూర్చున్న నాన్న. ఆయనకి భార్య అంటే ప్రాణం, సంఘం అన్నా ప్రాణమే. వెలి వేస్తే కట్టుకున్నవాడు కూడా ఆమెతో పొత్తు మానుకోవాలి, ఒక బల్ల దగ్గర తినకూడదు. ఆయనకి ఆ పరీక్ష పెట్టకూడదనే ఆవిడ తప్పుకుందని నోమి అనుకుంటుంది. వెలి వేసిన సంఘం పెద్ద ఎవరో కాదు, ఆవిడ సొంత తోడబుట్టినవాడు. నోమి ఆయన్ని పిలిచే పేరు 'నోరు'. అలాంటి ఇంట్లో ఆ పిల్ల పోతే నాన్న ఒక్కడైపోతాడు. పోకపోతే తను కోళ్ల ఫ్యాక్టరీ. పోదేం అని అడిగినవాళ్లు ఇది చదివే అడుగుతున్నారా?

నాకు ఎక్కడ తగిలిందో చెప్పాలి. మా ఊరు, మా చర్చి పేర్లు చెప్పను. నాకు పదేళ్లప్పుడు మా బాబాయ్ వేరే మతం అమ్మాయిని గుళ్లో పెళ్లి చేసుకున్నాడు. ఆదివారం ఆరాధన అయ్యాక అందరి ముందూ నిలబెట్టి బాబాయ్‌కి బల్ల ఆపేశారు. తెలియనివాళ్లకి, బల్ల అంటే ప్రభు భోజనం, రొట్టె, ద్రాక్షరసం. వినడానికి చిన్న విషయం. మా నాన్న ఆరోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు, బాబాయ్‌ని ఇంట్లో ఉండమనీ అనలేదు, పొమ్మనీ అనలేదు, రేడియో రిపేరు చేస్తూ కూర్చున్నాడు. బాగానే పాడుతున్న రేడియో అది. రాత్రి ఎనిమిదికి వెనక తలుపు చప్పుడైంది. పొద్దున మైకు దగ్గర తీర్మానం చదివిన సంఘం పెద్ద వాళ్ల ఆవిడ. చేతిలో నాలుగు గిన్నెల క్యారియర్. మెట్టు మీద పెట్టింది, మా అమ్మ మొహం చూసింది, ఏదో అనబోయి మానేసి కొంగు సర్దుకుని చీకట్లో వెళ్లిపోయింది. పై గిన్నెలో కోడిగుడ్డు పులుసు, ఇంకా వేడిగా ఉంది. మర్నాడు అమ్మ క్యారియర్ తోమి, ఖాళీది పంపకూడదని పై గిన్నెలో చక్కెర పోసి, వెనక సందులోంచి పోయి ఇచ్చి రమ్మని నన్ను పంపింది.

నవలకి ఆ పేరు ఎందుకు పెట్టిందో నాకు అక్కడ అర్థమైంది. ఊళ్లో దయ ఉంది, కానీ చిక్కుపడిన దయ, ఏం మాట్లాడాలో తెలియక నిన్ను చూస్తూ నిలబడ్డవాళ్ల కళ్లలో కనిపిస్తుంది అంటుంది నోమి. ఊరిని తిట్టడానికి రాసిన పుస్తకమైతే ఆ మాట ఉండేది కాదు. మా మొదటి అతను అరవై పేజీలకే ఆపాడు కదా, పుస్తకం చివరి దాకా రాలేదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి, అందుకే ఒకటి కోశాను. మాటలకి కొటేషన్ గుర్తులు ఉండవు, ఎవరు ఏమన్నారో తెలుసుకోవడానికి వెనక్కి వెళ్లాల్సి వస్తుంది. కథ ముందుకీ వెనక్కీ తిరుగుతుంటుంది, మధ్యలో ఓ యాభై పేజీలు బాయ్‌ఫ్రెండ్ పికప్ ట్రక్కు ఎక్కడం, దిగడం తప్ప పెద్దగా ఏం జరగదు. ట్రావిస్ అనే ఆ కుర్రాడు నాకు పేజీ తిప్పగానే గుర్తుండడు. పాత రాక్ పాటల పేర్లు బోలెడు, నాకు సగం తెలియదు. నవల సాగేకొద్దీ ఆ పిల్ల ఇదంతా ఒక టీచర్‌కి చెబుతున్నట్టు తెలుస్తుంది, ఆయనకే ఎందుకో చెబితే మజా పోతుంది, చెప్పను. ముగింపు మా నలుగురికీ నాలుగు రకాలుగా అర్థమైంది, దాని మీదే గంట వాదన, చాయ్ రెండు రౌండ్లు, బిల్లు నాది.

ఎవరికి పనికొస్తుందంటే, దంచికొట్టే డైలాగులు, రాత్రికి రాత్రి బస్సెక్కడం కావాలనుకునేవాళ్లకి వద్దు. ఇంట్లో గట్టి భక్తి ఉండి, దాన్నుంచి బయటికి వచ్చీ రాక, పండక్కి ఇంటికెళ్లినప్పుడు ఇంకా ప్రార్థనలో కళ్లు మూసుకునేవాళ్లు కొనుక్కోండి.

అమ్మకి ఇంగ్లీషు చదవడం రాదు. మూడు రాత్రులు ఫోన్లో కథ మొత్తం తెలుగులో చెప్పాను. కోప్పడుతుందేమో అని టెన్షన్ పడుతూనే చెప్పాను, ఆమె ఇప్పటికీ ఆదివారం మానదు. వెలి దగ్గర ఒక్క మాట కూడా అనలేదు, ఊఁ కొడుతూ వింది. అంతా అయ్యాక అడిగింది, "మరి ఆ తండ్రీ కూతుళ్లకి ఎవరూ క్యారియర్ తేలేదా?"

నాకు గుర్తు రాలేదు. చూసి చెప్తానమ్మా అన్నాను. అందుకే మళ్లీ మొదటి నుంచి చదువుతున్నాను, ఇప్పుడు 80వ పేజీలో ఉన్నాను.