12 × 10 అడుగుల గదిలో హోమ్ థియేటర్: కొన్నేళ్ల వాడకం తరువాత

హైదరాబాదులో మా ఫ్లాటులోని మూడో గది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, తొమ్మిదిన్నర అడుగుల ఎత్తు ఉంటుంది. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడలు, పైనా కిందా కాంక్రీటు స్లాబు, నేలంతా విట్రిఫైడ్ టైల్స్, ఒక అల్యూమినియం స్లైడింగ్ కిటికీ, గోడవారన ఒక ఇనుప బీరువా. ఫ్లాట్లలో ఉండేవారికి సినిమా కోసం కేటాయించుకోగలిగేది చాలావరకు ఇలాంటి గదే కనుక, ఇందులో కొన్నేళ్లుగా నడుస్తున్న 5.1 సెట్టు (అయిదు స్పీకర్లు, లోతైన ధ్వనులకు ఒక సబ్‌వూఫర్) గురించి వివరంగా రాస్తున్నాను. ముందువైపు వార్ఫ్‌డేల్ డైమండ్ 220 బుక్‌షెల్ఫ్ స్పీకర్లు రెండు, వాటి మధ్య అదే వరుసలోని సెంటర్ స్పీకర్, ఎస్‌వీఎస్ ఎస్‌బీ-1000 సబ్‌వూఫర్, వెనక రెండు చిన్న స్పీకర్లు, వీటిని నడిపే డెనాన్ రిసీవర్: ఇదీ సరంజామా. వీటిలో కొన్నిటికి ఇప్పటికే కొత్త మోడళ్లు వచ్చేశాయి. అయినా నేను ఏ కారణాలతో వీటిని ఎంచుకున్నానో, ఆ కారణాలు కొత్తవాటికీ వర్తిస్తాయి.

చిన్న గదికి చిన్న స్పీకర్లు చాలునన్న మాట షాపుల్లో తరచు వినిపిస్తుంది. అది సగమే నిజం. గదిని చూసి నిలువెత్తు టవర్ స్పీకర్లు వద్దనుకోవడం సబబే కానీ, అరచేతిలో ఇమిడే స్పీకర్లతో వచ్చే డబ్బా సెట్లతో అసలు చిక్కు మొదలవుతుంది. అంత చిన్న స్పీకర్లు సాధారణంగా 150 హెర్ట్జ్ (సెకనుకు కంపనాల లెక్క; అంకె తగ్గేకొద్దీ ధ్వని లోతు) కంటే కిందికి సరిగ్గా పలకలేవు కాబట్టి, అంతకు కింది ధ్వనినంతా సబ్‌వూఫర్‌కు మళ్లించవలసి వస్తుంది. మగవారి గొంతులోని మూలస్వరం సుమారు 85 నుంచి 155 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. అంటే తెర మీద మాట్లాడుతున్న మనిషి గొంతులోని బరువు ఎక్కడో మూలనున్న పెట్టెలోంచి వస్తుందన్నమాట. మా తమ్ముడింట్లో అలాంటి సెట్టు మీద వార్తలు చూస్తుంటే యాంకర్ మాట సగం టీవీలోంచి, సగం సోఫా కిందనుంచి వస్తున్నట్టుండేది.

అందుకని నేను ముందుగా చూసినది స్పీకర్లు 80 హెర్ట్జ్ వరకు శ్రమ పడకుండా దిగుతాయా లేదా అన్న విషయమే. డైమండ్ 220లో అయిదంగుళాల వూఫర్ (కింది ధ్వనులు పలికే భాగం) ఉంది, 56 హెర్ట్జ్ దాకా పలుకుతుందని కంపెనీ లెక్క; 80 దగ్గర సబ్‌వూఫర్‌కు అప్పగించడానికి ఈ మాత్రం వెసులుబాటు చాలు. గాలి బయటికి పోయే సందు పెట్టె వెనక కాకుండా అడుగున ఉండడం మరో సౌకర్యం. వెనక సందు ఉన్న స్పీకర్‌ను గోడకు ఆనిస్తే బాస్ ఉబ్బిపోతుంది, పది అడుగుల వెడల్పు గదిలో గోడకు దూరంగా జరపడానికి చోటేమో ఉండదు.

వాట్ల గురించి రెండు మాటలు చాలు. ఈ స్పీకర్ల సెన్సిటివిటీ 86 డెసిబెల్స్, అంటే ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో అంత శబ్దం వస్తుంది. నేను కూర్చునే చోటికి ఏడడుగుల దూరం కూడా లేదు కనుక అక్కడికి చేరేసరికి అది 80కి అటూ ఇటూగా మిగులుతుంది, ఇంట్లో మామూలుగా సినిమా చూసే శబ్దం దానికీ దిగువే. పది డెసిబెల్స్ పెంచడానికి పది రెట్ల శక్తి కావాలన్నది నిజమే అయినా, ఈ గదిలో భారీ పేలుడు దృశ్యానికి సైతం సాధారణ రిసీవర్ సరిపోతుంది. అట్టపెట్టె మీద వేలల్లో అచ్చువేసే పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి) వాట్లను పూర్తిగా పక్కన పెట్టవచ్చు.

సబ్‌వూఫర్ విషయంలో అన్నివైపులా మూసిన ‘మూత పెట్టె’దా, గాలి బయటికి పోయే గొట్టం ఉన్నదా అన్న ప్రశ్న దగ్గర చాలామంది ఆగిపోతారు. గొట్టం ఉన్న పెట్టె అదే ఖర్చుకు మరింత లోతుగా, మరింత గట్టిగా మోగుతుంది కానీ, తన హద్దు దాటి కిందికి వెళ్లగానే దాని శబ్దం నిటారుగా పడిపోతుంది. మూత పెట్టెలో ఆ పతనం నెమ్మదిగా ఉంటుంది. చిన్న గదిలో, అందులోనూ ఇటుక గోడలూ కాంక్రీటు స్లాబులూ ఉన్న గదిలో, బాగా లోతైన ధ్వనులను గది తనంతట తానే కొంత ఎత్తి నిలబెడుతుంది. మూత పెట్టె ఎక్కడ తగ్గుతుందో గది అక్కడ అందుకుంటుంది కాబట్టి రెంటికీ జోడీ కుదురుతుంది. ఎస్‌బీ-1000లో 12 అంగుళాల డ్రైవరు (ధ్వని పుట్టించే గుండ్రటి భాగం), 300 వాట్ల యాంప్లిఫయరు ఉన్నాయి; 24 హెర్ట్జ్ దాకా పలుకుతుందని కంపెనీ చెబుతుంది. పెట్టె ఏ పక్క కొలిచినా అడుగు పైన ఒకటి రెండు అంగుళాలే ఉండడంతో ఈ గదిలో అడ్డం కాలేదు. మద్దెల దెబ్బ పడి వెంటనే ఆగడం, దాని వెనక ఏ మూలుగూ సాగకపోవడం ఇన్నేళ్లయినా నాకు నచ్చే గుణం.

అయితే ఆ గుణం పెట్టెను ఎక్కడ పెడతామన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. దాన్ని గది పొడవుకు రెట్టింపుతో భాగిస్తే 47 హెర్ట్జ్ వస్తుంది, వెడల్పుతో లెక్కేస్తే 56. ఈ హెర్ట్జ్‌ల దగ్గర ధ్వని ఎదురెదురు గోడల మధ్య నిలిచిపోయి, గోడల దగ్గర దడదడలాడుతుంది, సరిగ్గా మధ్యలో దాదాపు వినిపించదు. సోఫాను వెనక గోడకు ఆనిస్తే ప్రతి డప్పూ బొయ్యిమంటుంది. గది నడిమధ్యకు జరిపితే అదే డప్పు పలచబడిపోతుంది. అందుకే మా సోఫాను వెనక గోడ నుంచి తల నాలుగడుగుల దూరంలో ఉండేలా ముందుకు లాగాం. గది నడవడానికి ఇరుకైందని ఇంట్లో గొణుగుడు ఉంది, దానికి నా దగ్గర సమాధానం లేదు.

సబ్‌వూఫర్ చోటు వెతకడానికి ఒక పాత పద్ధతి ఉంది. పెట్టెను తీసుకెళ్లి మనం కూర్చునే సోఫా మీద పెట్టి, బాస్ గిటార్ నడక స్పష్టంగా ఉన్న పాట ఒకటి తిప్పుతూ, మనం గోడవెంట మోకాళ్ల మీద పాకుతూ వినాలి. ఎక్కడ ప్రతి స్వరమూ సమానంగా వినిపిస్తుందో అక్కడే పెట్టెను దించాలి. చూసేవారికి నవ్వు వచ్చే పనే కానీ దీన్ని మించినది నాకు కనిపించలేదు. షాపువాళ్లు చెప్పే మూల మా గదిలో శబ్దం పెంచింది తప్ప స్వరాలను వేరుచేయలేదు, ఎందుకంటే మూలన ఉన్న పెట్టె గదిలోని నిలిచిపోయే ధ్వనులన్నిటినీ ఒకేసారి రెచ్చగొడుతుంది. చివరికి 12 అడుగుల గోడకు దాదాపు మధ్యలో కుదిరింది. పొడవు మీద నిలిచే 47 హెర్ట్జ్ ధ్వనికి అక్కడ పట్టు దొరకదు, వెడల్పు మీది 56 హెర్ట్జ్ ధ్వని గది వెడల్పులో మధ్యన కూర్చున్నవారి దగ్గర బలహీనంగా ఉంటుంది. పెట్టె పక్కగా ఉన్నా ధ్వని పక్కనుంచి వస్తున్నట్టు తెలియదు, కారణం క్రాసోవర్, అంటే స్పీకర్లు కింది ధ్వనిని సబ్‌వూఫర్‌కు అప్పగించే హద్దు, 80 దగ్గర ఉండడమే. దాన్ని 120కి పెంచి చూస్తే చెవి వెంటనే అటు తిరుగుతుంది.

ఆ గోడకే బీరువా కూడా ఉంది. లోతైన సన్నివేశం రాగానే జర్‌మని ఒక చప్పుడు వచ్చేది, సబ్‌వూఫర్ పగిలిందేమోనన్న అనుమానం కలిగించేంతగా. ఫోనులో టోన్ జనరేటర్ యాప్ పెట్టుకుని 20 నుంచి 80 హెర్ట్జ్ దాకా మెల్లగా పెంచుతూ పోతే దొంగలు ఒక్కొక్కరుగా బయటపడ్డారు: బీరువా తలుపు పిడి, లోపల ఇనుప కడ్డీకి వేలాడే హ్యాంగర్లు, కిటికీ అద్దం. తలుపు అంచుకు రబ్బరు ముక్కలు, కిటికీ చట్రానికి ఫోమ్ టేపు అంటించడంతో చాలావరకు సద్దుమణిగింది. ఇక చప్పట్లు కొడితే టింగుమని మారుమోగే గదిలో మాటలు స్పష్టంగా ఉండవు. నేలమీద మందపాటి జంఖానా, వెనక గోడకు వాడకం లేని పాత పత్తి పరుపును నిలబెట్టి పైన దుప్పటి కప్పడం, ఈ రెండూ కొన్న ఏ పరికరం కంటే ఎక్కువ తేడా చూపించాయి. పరుపు బాస్‌ను మింగుతుందని మాత్రం ఆశించకండి. అది పై ధ్వనులకే పనికొస్తుంది.

మా అత్తగారు వచ్చిన మొదటి రోజుల్లో ‘మాటలు వినపడక చస్తుంటే ఆ దడదడలెందుకు బాబూ’ అన్నారు. న్యాయమైన ఫిర్యాదే. సినిమా సంభాషణలో అధికభాగం సెంటర్ స్పీకర్ నుంచే వస్తుంది, కనుక డబ్బు తక్కువైతే వెనక స్పీకర్లలో తగ్గించాలి గానీ ఇక్కడ కాదు. సెంటర్‌ను టీవీ బల్ల అరలోపలికి తోయకుండా అంచుదాకా ముందుకు లాగి, ముందు కాళ్ల కింద రబ్బరు బిళ్లలు పెట్టి మూతి చెవులవైపు ఎత్తాను. రిసీవర్‌లో సెంటర్ మట్టం రెండు డెసిబెల్స్ పెంచాను. ఆ తరువాత ఆవిడ సబ్‌టైటిల్స్ అడగలేదు. రిసీవర్‌లోని ఆడిస్సీ కొలతను (మైకుతో గదిలోని ధ్వనిని కొలిచి స్పీకర్లను సర్దే ఏర్పాటు) మైకును చేత్తో పట్టుకోకుండా స్టాండు మీద చెవి ఎత్తున పెట్టి, ఫ్యాను ఆపి చేయాలి. అది పూర్తయ్యాక ముందు స్పీకర్లను ‘లార్జ్’ (కింది ధ్వనులనూ తామే పలికేవి) అని నమోదు చేసి ఉంటే ‘స్మాల్’కు మార్చి క్రాసోవర్ 80 పెట్టుకోవాలి.

వెనక స్పీకర్లు సోఫాకు రెండు పక్కలా, కాస్త వెనగ్గా, చెవికంటే రెండడుగుల ఎత్తున గోడకు ఉన్నాయి. వాటి గురించి ఇంతకు మించి చెప్పవలసినది లేదు.

కింది ఫ్లాటువారి సంగతి మాత్రం కొనే ముందే ఆలోచించాలి. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ హద్దు. ఆ కొలమానం లోతైన ధ్వనులను తక్కువగా లెక్కిస్తుంది, కాబట్టి మీటరు ఊరుకున్నా కిందివారి నిద్ర చెడవచ్చు. పెట్టె కింద మందపాటి ఫోమ్ పలక వేస్తే నేలకు పాకే కంపనం తగ్గుతుంది, గాలిలో వెళ్లేది తగ్గదు. రాత్రి పది తరువాత సబ్‌వూఫర్ మట్టాన్ని ఆరు డెసిబెల్స్ దించి, రిసీవర్‌లో రాత్రి వేళకు ఉద్దేశించిన డైనమిక్ వాల్యూమ్ (పెద్ద, చిన్న శబ్దాల మధ్య తేడా తగ్గించేది) పెట్టడం మా ఇంటి పద్ధతి.

ఒక దశలో సబ్‌వూఫర్ నుంచి ఎడతెగని గుంయ్‌మనే శబ్దం మొదలైంది. కేబుల్ కనెక్షన్ వైరు పీకగానే ఆగిపోయింది, అంటే ఎర్తింగ్ తేడా. టీవీ, సెట్‌టాప్ బాక్సు, రిసీవర్, సబ్‌వూఫర్ నాలుగూ ఒకే సాకెట్టు నుంచి తీసుకున్నాక మళ్లీ రాలేదు. ఎర్త్ పిన్ను విరగ్గొట్టమన్న ఎలక్ట్రీషియన్ సలహాను ఎవరూ పాటించకండి. స్పీకర్ తీగ కొనేటప్పుడు కొన అర అంగుళం ఒలిచి చాకుతో గీరి చూడాలి. రాగి పూత కింద తెల్లగా కనిపిస్తే అది అల్యూమినియం, పదహారు గేజి అసలు రాగి తీగ ఈ దూరాలకు ఎక్కువే.

ఇదంతా తలుపు వేసుకోగల 1,140 ఘనపుటడుగుల గదిలో అనుభవం. హాలు, భోజనాల చోటు, వంటగది కలిసిపోయిన ఇంట్లో ఇదే మూత పెట్టెను పెడితే గది అందించే ఆసరా ఉండదు. అక్కడికి గొట్టం ఉన్న పెద్ద పెట్టెనో, ఇలాంటివే రెంటినో చూసుకోవాలి.