ట్రెయిలర్ మీద క్యాంపర్ బాడీని పట్టి ఉంచే ఎనిమిది బోల్టులు: చాలాకాలం వాడాక నా సమీక్ష

ఇంట్లోనే క్యాంపర్ (కారు వెనక లాక్కుపోయే, లోపల పడుకునే పెట్టె) కట్టుకునేవాళ్లు పరుపు ఎంత మందం ఉండాలి, వెనక వంటగదిలో స్టవ్ ఎటు పెట్టాలి అని నెలల తరబడి ఆలోచిస్తారు. కట్టిన పెట్టెని కింద ఛాసిస్‌కి, అంటే ఇనప చట్రానికి, దేంతో బిగించాలన్నది మాత్రం ఆఖరి రోజు హార్డ్‌వేర్ షాపులో నిలబడి తేలుస్తారు. మా టియర్‌డ్రాప్, అంటే నీటిబొట్టు ఆకారపు చిన్న క్యాంపర్, టెక్సస్ ఎండల్లో, వానల్లో, మట్టిరోడ్ల మీద బాగానే తిరిగింది. లోపలి సోకుల సంగతి పక్కనపెట్టి, బిగింపు సంగతి ఒక్కటే రాస్తాను.

మేం డాలస్ దగ్గర ఉంటాం. ట్రెయిలర్ 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు. విడిభాగాలు తెచ్చుకుని మనమే కూర్చుకునే రకం. ఛాసిస్ అంతా సీ ఆకారపు ఇనప ఛానల్. దాని మీద ముప్పావు అంగుళం ప్లైవుడ్ నేల, ఆపైన గోడలు, పైకప్పు. నీళ్లు, సామాను ఎక్కించాక మొత్తం బరువు వెయ్యి పౌండ్లు దాటుతుంది. బాడీకీ ఛాసిస్‌కీ మధ్య ఉన్నవి 3/8 అంగుళం గ్రేడ్ 5 బోల్టులు ఎనిమిది (గ్రేడ్ అంటే బోల్టు బలాన్ని చెప్పే అంకె), పైన వెడల్పాటి వాషర్లు, కింద నైలాక్ నట్లు (లోపల నైలాన్ రింగు ఉన్నవి), మధ్యలో ఈపీడీఎం అనే రకం రబ్బరు పట్టీ. అంతే.

'ఎనిమిదేనా?' అని చూసిన ప్రతివాళ్లూ అడుగుతారు. లెక్క వేసి చూడండి. గంటకు 70 మైళ్ల గాలి ఎదురుగా ఉన్న గోడని చదరపు అడుగుకి సుమారు 12.5 పౌండ్ల బలంతో నెడుతుంది. మా పక్కగోడ మొత్తం 32 చదరపు అడుగులనుకున్నా అది 400 పౌండ్లు. 3/8 అంగుళం గ్రేడ్ 5 బోల్టు ఒక్కటే సాగిపోకుండా ఆరు వేల పౌండ్లకి పైగా లాగుడు తట్టుకుంటుంది. అంటే బోల్టు తెగే ప్రసక్తే లేదు. ఏదైనా పోతే పోయేది దాని చుట్టూ ఉన్న చెక్కే. తల చిన్నదైతే ప్లైవుడ్‌లోకి దిగబడిపోతుంది. అందుకే డబ్బులు ఇంకా బలమైన గ్రేడ్ 8 బోల్టుల మీద కాదు, వాషర్ల మీద పెట్టాలి. ఒకటిన్నర అంగుళం వాషర్లు పైన వేశాను, మూలల్లో వాటి కింద చిన్న ఇనప పలకలు కూడా ఉన్నాయి. ఇప్పటికీ ఒక్కటి కూడా చెక్కలోకి కుంగలేదు.

ఇక అసలు పరీక్ష. బిగ్ బెండ్ నేషనల్ పార్కులో ఓల్డ్ మావరిక్ రోడ్ అని ఒక మట్టిరోడ్డు ఉంది. 14 మైళ్ల దాకా ఉంటుంది, సాంటా ఎలెనా కాన్యన్ వైపు దిగుతుంది. రోడ్డు పొడవునా అడ్డంగా అలల్లా గాడులు పడి ఉంటాయి. దాని మీద నెమ్మదిగా పోయినా వణుకుడే, వేగంగా పోయినా వణుకుడే. మాతో వచ్చిన మిత్రుడి ట్రెయిలర్ కూడా మాలాంటిదే, కాకపోతే ఆయన బాడీని కింద నుంచి లాగ్ స్క్రూలతో బిగించాడు. ఇనప ఛానల్‌లోంచి చెక్కలోకి మర తిప్పి దించే లావు స్క్రూలు అవి. క్యాంపులో ఆగాక కిందకి దూరి చూస్తే ముందువైపు స్క్రూలు వేలితో తిరుగుతున్నాయి. ఒకదాన్ని బయటికి లాగితే దాని మరల సందుల్లో అంతా తడిసిన చెక్కపొట్టు. స్క్రూకి పట్టు ఇచ్చేది చుట్టూ ఉన్న చెక్క నారే కదా, వణుకుడికి అది నలిగి పొడైపోతే ఇక బిగించడానికి ఏమీ మిగలదు. చెక్కని ఆరపార దాటి అవతల నట్టు పడిన బోల్టుకి ఈ బాధ లేదు. అక్కడికక్కడే రాట్చెట్ స్ట్రాపులు (మీటతో బిగించే పట్టీలు) నాలుగు వేసి ఆయన బండిని ఇంటికి చేర్చాం.

మా నట్ల మీద ఒక్కోదానికీ పసుపు పెయింట్ మార్కర్‌తో గీత ఉంది. నట్టు మీద మొదలై ఛానల్ ఇనుము మీద దాకా పోయే సన్నని గీత. నట్టు కాస్త కదిలినా గీత విరిగినట్టు కనపడుతుంది. వీపు మీద పడుకుని, టార్చి నోట్లో పెట్టుకుని, గుడ్డతో మట్టి తుడిచి చూస్తే చాలు, స్పానరు తియ్యక్కర్లేదు. ఆ రోజు మా గీతలన్నీ కలిసే ఉన్నాయి. ఈ మొత్తం బిగింపులో అన్నిటికన్నా చవక సరుకు ఆ మార్కరే. నాకు టెన్షన్ తగ్గించింది కూడా అదే.

కొత్తలో ఒకసారి మళ్లీ బిగించుకోవాల్సిందే. చెక్క వాషర్ కింద కొంచెం అణుగుతుంది, రబ్బరు ఇంకా ఎక్కువ అణుగుతుంది. మొదటి యాభై, వంద మైళ్ల తర్వాత స్పానరు వేస్తే ప్రతి నట్టూ కాస్త తిరుగుతుంది. ఎంత బిగించాలి? పట్టికలు చూస్తే ఈ సైజు గ్రేడ్ 5 బోల్టుకి సుమారు 30 అడుగు-పౌండ్లు (నట్టు తిప్పే బలానికి కొలత) అని ఉంటుంది. అది ఇనుము మీద ఇనుముకి. మధ్యలో చెక్క ఉన్నప్పుడు వాషరు అంచు చెక్కని నొక్కడం మొదలవ్వగానే ఆపెయ్యండి. నైలాక్ నట్టు నైలాన్ పట్టుతో నిలుస్తుంది కాబట్టి వదులవుతుందని భయపడి చెక్కని నలిపెయ్యక్కర్లేదు. ఊడదీసిన నైలాక్ నట్టు చేత్తోనే చివరిదాకా తిరిగిపోతుంటే దాన్ని పారేసి కొత్తది వేసుకోవాలి.

క్యారేజ్ బోల్టులు నాకు నచ్చలేదు. గుండ్రటి తల, కింద చదరపు మెడ, చూడ్డానికి నీటుగా ఉంటాయి. కానీ ఆ మెడ చుట్టూ మెత్తటి ప్లైవుడ్ కొన్నాళ్లకి గుల్లవుతుంది. అప్పుడు కింద నట్టు తిప్పితే పైన బోల్టు కూడా తిరుగుతుంది. పైన వినైల్ షీటు అతికించేసి ఉంటే పట్టుకోవడానికి తల దొరకదు, గ్రైండర్‌తో కొయ్యడమే గతి. మావి ఆరు పలకల తల ఉన్న మామూలు హెక్స్ బోల్టులు. పరుపు ఎత్తి, చిన్న మూత తీస్తే తల చేతికి అందుతుంది.

బోల్టు ఎక్కడ వెయ్యాలన్నది దేంతో వేస్తున్నామన్న దానికన్నా పెద్ద విషయం. ఛానల్ వంగినప్పుడు ఒత్తిడి అంతా పై అంచు, కింది అంచు మీద పడుతుంది. స్ప్రింగులు తగిలించిన చోటు దగ్గర పై అంచులో కొత్త బెజ్జం వేస్తే అక్కడే పగులు మొదలయ్యే ప్రమాదం ఉంది. నేను ట్రెయిలర్‌తో వచ్చిన బెజ్జాలే వాడాను. అవి చాలని చోట ఛానల్ నిలువు గోడ మధ్యలో బెజ్జం వేసి, ఎల్ ఆకారపు యాంగిల్ ముక్క బిగించి, దాని మీద బాడీని కూర్చోబెట్టాను. మీది సీ ఛానల్ కాకుండా డబ్బా పైపు అయితే కథ వేరు. ఖాళీ పైపుకి ఆరపార బోల్టు వేసి బిగిస్తే గోడలు లోపలికి నొక్కుకుపోతాయి. లోపల ఒక గొట్టం ముక్క పెట్టి తీరాలి.

ఇక నచ్చనిది రబ్బరు పట్టీ. చప్పుడు రాకుండా బాగానే ఆపింది. చెక్కనీ ఇనుమునీ విడిగా ఉంచడంలోనూ దానికి వంక పెట్టలేం. కానీ చక్రాల వెనక భాగంలో నీళ్లు చిమ్మే చోట పట్టీ పక్కకి జరిగి, ఆ సందులో బురద చేరి తడి నిలుస్తోంది. ఈసారి అక్కడ జిగటగా అతుక్కునే బ్యూటైల్ టేపు వేస్తాను. ప్లైవుడ్ అడుగు ముందే పూర్తిగా పెయింట్ చేసి, బెజ్జాల లోపల కూడా ఎపాక్సీ పూయడం వల్ల చెక్క ఇంకా గట్టిగానే ఉంది.

కింద ట్రీటెడ్ చెక్క (పుచ్చకుండా మందు పట్టించినది) వాడేవాళ్లకి ఒక మాట. అమెరికాలో 2003 ఆఖరు తర్వాత ఇళ్ల వాడకానికి ఆర్సెనిక్ ఉన్న పాత రకం ఆపేశారు, ఇప్పుడు దొరికేవాటిలో ఎక్కువగా రాగి ఉంటుంది. తడిస్తే ఆ రాగి పల్చటి జింక్ పూత బోల్టుల్ని తినేస్తుంది. హాట్ డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింకులో ముంచి మందంగా పూత పట్టించినవి) గానీ స్టెయిన్‌లెస్ గానీ తీసుకోండి. స్టెయిన్‌లెస్ అయితే మరలకి యాంటీ సీజ్ అనే పేస్టు పూసి బిగించండి, లేదంటే స్టెయిన్‌లెస్ నట్టు సగంలోనే పట్టేసి ముందుకీ వెనక్కీ రాదు.

పాలీయురిథేన్ జిగురుతో బాడీని ఛాసిస్‌కి అతికించెయ్యమని కొందరు చెబుతారు. గట్టిగానే ఉంటుంది, కాదనను. కానీ ఛాసిస్‌కి తుప్పు పట్టినా, పగులు వచ్చినా బాడీని పైకి లేపగలగాలి. మా బాడీ నట్లు తీసి నలుగురు పట్టుకుంటే ఒక మధ్యాహ్నంలో దిగుతుంది. పోయిన శీతాకాలం అలాగే దింపి ఛానల్‌కి మళ్లీ రంగు వేసుకున్నాం. బోల్టులు అవే, నైలాక్ నట్లు మాత్రం అన్నీ కొత్తవి.