పది ఫ్రేముల లాంగ్‌స్ట్రోత్ పెట్టె: ఎనిమిది వసంతాల వాడకం తర్వాత

ఈ పెట్టె కొన్న మొదటి వసంతంలోనే నా తేనెటీగల్లో సగానికి పైగా కళ్లముందే లేచిపోయాయి. మిట్టమధ్యాహ్నం, గుమ్మంలోంచి ఎవరో తరిమినట్టు బయటపడి, ఒక పావుగంట గాల్లో సుడి తిరిగి, నాకు అందనంత ఎత్తున కొమ్మకు పట్టాయి. సాయంత్రానికి అక్కడా లేవు. అప్పట్లో తప్పు పెట్టెదే అనుకున్నాను. ఇరుకు పెట్టె అంటగట్టారని అమ్మినవాళ్లను తిట్టుకున్నాను కూడా. ఎనిమిదేళ్లు వాడాక చెబుతున్నాను, తప్పు నాదే. పాత రాణితో ఈగలు ఇలా ఇల్లు వదిలి వెళ్లిపోవడాన్నే గుంపు లేవడం అంటారు, దాన్ని ఏ పెట్టే ఆపలేదు. లోపల ఏం జరుగుతోందో మనం సమయానికి చూసుకునే వీలు ఇస్తుంది, అంతే. ఆ వీలు వాడుకోకపోతే దీనికీ చెట్టుతొర్రకీ పెద్ద తేడా లేదు.

ముందు పెట్టె సంగతి. లోపల తుట్టెలు కట్టుకోవడానికి విడిగా పైకి తీయగలిగే చెక్క చట్రాలు, అంటే ఫ్రేములు, పది వేలాడుతుంటాయి. 1851లో అమెరికా తేనెటీగల పెంపకందారు లాంగ్‌స్ట్రోత్ గమనించిన చిన్న విషయం మీద ఇది నిలబడి ఉంది. ఆరు నుంచి తొమ్మిది మిల్లీమీటర్ల సందు వదిలితే ఈగలు దాన్ని నడిచే దారిగా ఉంచుకుంటాయి. అంతకన్నా తక్కువైతే ప్రొపోలిస్ జిగురుతో మూసేస్తాయి, ఎక్కువైతే అడ్డంగా తుట్టె కట్టేస్తాయి. ఇది పుస్తకాల మాట అని కొట్టిపారేసి, ఒకసారి తొమ్మిది ఫ్రేములే పెట్టి పదోది తర్వాత చూద్దాంలే అని వదిలేశాను. పదిరోజుల తర్వాత మూత ఎత్తితే మూతతోపాటే తెల్లటి కొత్త తుట్టె ఊగుతూ పైకి వచ్చింది, నిండా పిల్లలతో, తేనె కారుతూ. ఆ రోజు తిన్న కుట్లు లెక్కపెట్టలేదు. కొలత సరిగ్గా ఉన్నంతకాలం మాత్రం ఎనిమిదేళ్ల తర్వాత కూడా ఏ ఫ్రేమైనా హైవ్ టూల్‌తో, అంటే ఫ్రేములు కదిలించే ఇనుప పనిముట్టుతో, ఒక్క అదుము అదిమితే కదులుతుంది. దీని గొప్పతనమంతా అక్కడే ఉంది.

చలి తగ్గగానే తెరిచి చూడాలని చేతులు దురద పెడతాయి. ఆగండి. పదిహేను డిగ్రీలు దాటి, గాలి లేని మధ్యాహ్నం దొరికేదాకా నేను మూత తీయను. అప్పటిదాకా పెట్టె వెనక అంచు పట్టుకుని ఒక అంగుళం ఎత్తి బరువు చూస్తాను, అది చాలు. చలికాలమంతా గట్టెక్కిన ఈగలు పూలు రావడానికి రెండు వారాల ముందు ఆకలితో చచ్చిపోవడం నేను చూశాను. పిల్లల పెంపకం మొదలయ్యాక తేనె ఖర్చు ఒక్కసారిగా పెరుగుతుంది, బయట మేత ఇంకా ఉండదు. వెనక అంచు తేలిగ్గా లేచిందంటే చక్కెర, నీళ్లు సమానంగా కలిపిన పాకం పెడతాను. తేనె కోసం పైన పెట్టే పెట్టెలు, అంటే సూపర్లు, ఎక్కించాక మాత్రం పాకం బంద్. లేకపోతే మనం తీసేది తేనె కాదు, మన చక్కెరే.

ఇక అసలు విషయం, గుంపు. రాణి వయసు, చోటు ఇరుకు, రాణి వాసన అందరికీ అందకపోవడం, ఇలా కారణాలు చాలా చెబుతారు. నేను చూసినంతలో అన్నింటికన్నా ముందుగా కనిపించే గుర్తు ఒకటుంది. పిల్లలు బయటికొచ్చి ఖాళీ అయిన గదుల్లో రాణి గుడ్డు పెట్టకముందే ఈగలు మకరందం నింపేస్తుంటాయి. పిల్లల గూడు మధ్యలో తడిగా మెరిసే గదులు కనిపించాయంటే రాణికి చోటు తగ్గిపోతోందని అర్థం. పైన సూపర్ ఖాళీగా ఉన్నా ఇది జరుగుతుంది. పైన పెట్టె పెట్టేశాం కదా అని నిశ్చింతగా కూర్చోవడమే మొదటి ఏడు నేను చేసిన పొరపాటు.

లెక్క ఇలా ఉంటుంది. కొత్త రాణిని పెంచడానికి ఈగలు కట్టే రాణి గదిలో గుడ్డు మూడు రోజులకు పురుగవుతుంది, ఎనిమిదో రోజుకు గదికి మూత పడుతుంది, పదహారో రోజుకు కొత్త రాణి బయటికి వస్తుంది. పాత రాణి అప్పటిదాకా ఆగదు. మొదటి గదికి మూత పడ్డాక, ఎండ బాగా కాస్తే, మందను వెంటబెట్టుకుని వెళ్లిపోతుంది. అందుకే గుంపులు లేచే కాలమంతా ఏడు రోజులకోసారి తెరవాలి. పది రోజులైతే ఆలస్యమే. వారం మధ్యలో వాన పడి ఒక్క చూపు తప్పిందంటే నాకు ఇప్పటికీ టెన్షనే.

తెరవడం అంటే పైపైన చూసి మూసేయడం కాదు. రాణి గదులు ఎక్కువగా ఫ్రేము కింది అంచున, మూలల్లో కడతాయి. సరిగ్గా అక్కడే ఈగలు ముద్దగా వేలాడుతుంటాయి కాబట్టి ఏమీ కనిపించదు. రాణి ఆ ఫ్రేము మీద లేదని చూసుకుని, ఫ్రేమును పెట్టెలోకే ఒక్క కుదుపుతో దులిపితే అంచు బయటపడుతుంది. చిన్న గిన్నెల్లాంటివి బోర్లా వేలాడుతూ కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, అవి ఖాళీగా ఏడాదంతా ఉంటాయి. ఒక్కోదాన్ని వెలుతురు వైపు తిప్పి లోపలికి చూడండి. అడుగున తెల్లటి పాలమీగడలాంటి రాయల్ జెల్లీ, అందులో చంద్రవంకలా ఒదిగిన పురుగు కనిపిస్తే, ఇక ఈగలు నిర్ణయం తీసేసుకున్నట్టే. వేరుశనక్కాయలా గరుకుగా సాగి మూత కూడా పడి ఉంటే, ముందు మీ రాణి ఇంకా ఇంట్లో ఉందో లేదో చూసుకోండి.

రెండో వసంతంలో నేను అది చూసుకోలేదు. గదులన్నీ గోటితో నలిపేసి, పని అయిపోయిందని సంతోషంగా మూసేశాను. గుంపు అప్పటికే వెళ్లిపోయింది. మిగిలినవాటికి రాణి లేదు, కొత్త రాణిని చేసుకోవడానికి గుడ్డు లేదు, పనికొచ్చే వయసు పురుగు లేదు. అప్పటినుంచి ఒకటే నియమం: మామూలు గదుల్లో గుడ్లు కళ్లారా చూడకుండా ఒక్క రాణి గదినీ ముట్టుకోను. గుడ్డు కనిపించిందంటే మూడు రోజుల కిందట వరకైనా రాణి ఉన్నట్టే. అసలు ఇప్పుడు గదులు నలపడమే దాదాపు మానేశాను. నలిపితే అవి మళ్లీ కడతాయి, ఈసారి మనకు కనపడని చోట.

దానికి బదులు విడదీస్తాను. పాత రాణి ఉన్న ఫ్రేము, మూత పడిన పిల్లల ఫ్రేము ఒకటి, తేనె, పుప్పొడి ఉన్నవి రెండు తీసి పక్క పెట్టెలో పెడతాను. రాణి ఉన్న ఫ్రేములో, పిల్లల ఫ్రేములో రాణి గదులు ఉండకూడదు. ఇంకో రెండు ఫ్రేముల ఈగల్ని కూడా అందులోకే దులుపుతాను, ఎందుకంటే మేతకు వెళ్లే ఈగలన్నీ తెల్లారేసరికి పాత చోటికే తిరిగిపోతాయి. పాత పెట్టెలో మూత పడని మంచి గది ఒక్కటి ఉంచి, ఫ్రేము నెత్తిన గుర్తు పెడతాను. వారం తర్వాత వచ్చి, ఈలోగా కొత్తగా కట్టిన గదులు తీసేస్తాను. ఆ తర్వాత మూడు వారాలు దాన్ని తెరవను. కొత్త రాణి ఎగిరి, పోతు ఈగలతో కలిసి, తిరిగి వచ్చి గుడ్లు పెట్టాలి. ఆ రోజుల్లో మనం లోపల కెలికితే నష్టమే. ఆగడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుసు.

1892 నాటి డెమరీ పద్ధతి కూడా ఇదే పెట్టెతో రెండేళ్లు చేశాను. రాణిని కింద ఉంచి, పిల్లల ఫ్రేముల్ని రాణి దాటలేని జాలీ పైన, సూపర్ల పైన ఎక్కించడం. గుంపు లేవలేదు, తేనె బాగా వచ్చింది, నా నడుము పోయింది. ఈ పెట్టె మీద నా అసలు ఫిర్యాదు ఇదే. లోతు పెట్టె నిండా తేనె ఉంటే ముప్పై అయిదు కిలోల పైమాటే. దాన్ని ఛాతీ ఎత్తున పట్టుకుని, కింద ఈగలు నలగకుండా మెల్లగా దించడం ఒక్కరి పని కాదు. మూడో ఏడు నుంచి తేనెకు లోతు తక్కువుండే మీడియం పెట్టెలు వాడుతున్నాను. వాటి ఫ్రేములు, లోతు ఫ్రేములు ఒకదానికొకటి సరిపడవు, అదో చికాకు. పొరపాటున మీడియం ఫ్రేమును లోతు పెట్టెలో వదిలితే దాని కింద పోతు ఈగల తుట్టె కట్టేస్తాయి. మళ్లీ మొదలుపెడితే అన్నీ మీడియమే కొంటాను.

చెక్క పెట్టె పరవాలేదు. మూలల అతుకులు రెండు విడిచాయి, అడుగుపలకలు పుచ్చాయి, చేత్తో పట్టుకునే గాడి మరీ పైపైన చెక్కారు. ప్లాస్టిక్ రాణి జాలీ వంకరపోయి, కింద జిగురుతో అతుక్కుంటే పడేసి లోహపు తీగలది తెచ్చుకున్నాను.

లేచిన గుంపును పట్టడానికీ ఇదే పెట్టె. కొమ్మకు వేలాడే గుంపు మామూలుగా మెత్తగా ఉంటుంది. కడుపునిండా తేనె తాగి బయల్దేరతాయి, కాపాడుకోవడానికి ఇల్లు లేదు. పెట్టె కింద పట్టి కొమ్మను ఒక్కసారి గట్టిగా కుదిపితే ధాన్యం జారినట్టు బరువుగా పడతాయి. తర్వాత గుమ్మం దగ్గర కూర్చుని చూడాలి. ఈగలు తోక పైకెత్తి రెక్కలు ఆడిస్తూ నిలబడితే రాణి లోపలే ఉన్నట్టు, గాల్లో నిమ్మగడ్డి వాసన లాంటిది కూడా తగులుతుంది. మళ్లీ కొమ్మకే పోతుంటే రాణి పైనే ఉంది, ఇంకోసారి కుదపాలి. చీకటిపడేదాకా పెట్టెను నీడలో అక్కడే ఉంచి, ఈగలు పెట్టె వదిలిపోకుండా ఒక పిల్లల ఫ్రేము ఇస్తాను. ఎక్కడినుంచి వచ్చాయో తెలియని గుంపును మాత్రం కొన్ని వారాలు మిగతావాటికి దూరంగా ఉంచండి, రోగాలు కూడా వాటితోనే వస్తాయి.

లేచిన గుంపులు వాటంతట అవే వచ్చి చేరేలా పెట్టే ఎర పెట్టెగా కూడా ఇది చక్కగా సరిపోతుంది. గుంపులు దాదాపు 40 లీటర్ల తొర్రను ఇష్టపడతాయని తేనెటీగల శాస్త్రవేత్త థామస్ సీలీ పరిశోధనల్లో తేలింది. పది ఫ్రేముల లోతు పెట్టె ఒక్కటి ఇంచుమించు అంతే. పాత తుట్టె ఒకటి లోపల పెట్టి, గుమ్మం చిన్నది చేసి, నిచ్చెన మీద నుంచి భయం లేకుండా దించుకోగలిగినంత ఎత్తులో పెట్టాను. నిన్న మధ్యాహ్నం నుంచి కొత్త ఇల్లు వెతికే ఈగలు ఇరవై ముప్పై దాని గుమ్మంలో దూరుతూ, గోడల చుట్టూ తిరుగుతూ కొలతలు తీసుకుంటున్నాయి. నా పెట్టెలన్నీ అయిదు రోజుల కిందటే చూశాను, ఎక్కడా రాణి గదులు లేవు. మూడో పెట్టెలో ఒక ఫ్రేమును మాత్రం దులపకుండా పెట్టేసినట్టు గుర్తు. రేపు పొద్దున్నే తెరిచి చూడాలి.