హవాయియన్ గిటారు బార్లు: ఇత్తడి, స్టెయిన్‌లెస్, క్రోమ్, చివరికి ఓ పిస్టన్ పిన్

నా దగ్గర ఇప్పుడు అయిదు బార్లున్నాయి. కళ్లజోడు డబ్బాలో రెండు, పాత సాక్సులో రెండు, అయిదోది ఎప్పుడూ గిటారు మీదే ఉంటుంది. ఈ వాయిద్యం తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. హవాయియన్ గిటారులో ఎడమచేతి వేళ్లతో తీగల్ని నొక్కడం ఉండదు. గిటారు ఒళ్లో వెల్లకిలా పడుకుని ఉంటుంది. తీగలు బాగా ఎత్తుగా ఉంటాయి. వాటి మీద నున్నటి కడ్డీ ఒకటి జరుపుతూ కుడిచేత్తో మీటుతాం. ఆ కడ్డీయే బార్. ఫ్రెట్లు, అంటే గిటారు మెడ మీది అడ్డ కడ్డీలు, ఉన్నా అవి కళ్లకు గుర్తులే తప్ప పనిచేసేవి కావు. స్వరం ఎక్కడ ఆగాలన్నా, ఎంత ఊగాలన్నా భారమంతా ఆ కడ్డీదే.

అందుకే కొత్తగా నేర్చుకునేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, ఏ లోహం మంచిది అని. ముప్ఫై ఏళ్లకు పైగా వాయించి, చేతికందిన ప్రతి ముక్కా తీగల మీద జరిపి చూశాక నాకు తేలిందేమిటంటే, అది మూడో ప్రశ్న. మొదటిది బరువు, రెండోది నునుపు.

మాది బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. బెంగాలీ మాస్టారి దగ్గర రవీంద్ర సంగీతంతో మొదలుపెట్టాను. హవాయి వాయిద్యానికి బెంగాల్లో ఏం పని అని ఇక్కడి తెలుగువాళ్లు వింతపడతారు గానీ, 1940ల్లో టౌ మో అనే హవాయి సంగీతకారుడు కుటుంబంతో సహా కలకత్తాలోనే ఉన్నాడు. ఆ తర్వాత బ్రిజ్‌భూషణ్ కాబ్రా దీన్ని హిందూస్తానీ కచేరీ దాకా తీసుకెళ్లాడు. అసలు ఈ వాయిద్యం పుట్టిందే ఓ రైలు బోల్టుతో అంటారు. 1880ల్లో ఓహూ దీవిలో జోసెఫ్ కెకూకు అనే కుర్రాడు పట్టాల పక్కన దొరికిన బోల్టును గిటారు తీగల మీద జారించి చూశాడట. రైల్వే కాలనీలో పెరిగినవాణ్ణి కాబట్టి ఈ కథ నిజమో కాదో నేను పెద్దగా ఆరా తీయలేదు.

నా మొదటి బార్ ఇత్తడిది. గోల్‌బజార్‌లో తెలిసిన లేత్ మనిషి దగ్గర నాన్నే చేయించి తెచ్చాడు. 19 మి.మీ. లావు, 75 మి.మీ. పొడవు. బంగారం తూచే చిన్న కాటా మీద పెడితే 175 గ్రాములు. దాన్ని ఇరవై రెండేళ్లు వాడాను. ఇత్తడి నాదం తియ్యగా, గుండ్రంగా ఉంటుందని అందరూ అంటారు, నేనూ అదే అనేవాణ్ణి. అరచేయి పచ్చబడేది, సాధన అయ్యాక చేతులు చిల్లర డబ్బుల వాసన కొట్టేవి. అయినా దాన్ని వదల్లేదు.

ఓ దసరాకి ఆయుధపూజలో గిటారు పక్కన పెడదామని దాన్ని శుభ్రం చేయబోయాను. వెలుగులో తిప్పి చూస్తే మొదటి రెండు తీగలు తగిలే చోట సన్నటి గాడులు, మధ్యలో అరిగి చదునైన మచ్చ. ఇత్తడి మెత్తన, తీగ ఉక్కు, అన్నేళ్లు రాసుకుంటే ఏది అరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు. 400 నంబరు ఎమెరీ కాగితంతో మొదలుపెట్టి 2000 దాకా రుద్ది, బ్రాసో పెట్టి అద్దంలా చేశాను. ఆ సాయంత్రం వాయిస్తే గుండె జారింది. ఆ తియ్యదనం లేదు! కొత్త బార్‌లాగే ఖంగుమంటోంది. అంటే ఇన్నేళ్లూ నేను ఇత్తడి గుణం అనుకున్నది దాని అరుగుదల. చదునైన చోట తీగకు ఎక్కువ మేర ఆనుతుంది కాబట్టి పై స్థాయి మోతలు అణిగిపోతున్నాయి, అంతే. అప్పటినుంచి లోహాల గురించి ఎవరు ఖచ్చితంగా చెప్పినా, నాతో సహా, అనుమానంగానే వింటున్నాను.

ఉద్యోగం విజయవాడ తెచ్చాక, బళ్ల వర్క్‌షాపులన్నీ ఉండే ఆటోనగర్ దొరికింది. ఒకే కొలతలో, అంటే 22 మి.మీ. లావు, 82 మి.మీ. పొడవు, ఒక కొస గుండ్రంగా ఉండేలా మూడు ముక్కలు తిప్పించాను: ఇత్తడి, 304 రకం స్టెయిన్‌లెస్ ఉక్కు, అల్యూమినియం. టర్నర్ నా డ్రాయింగు చూసి "ఇదేంటి సార్, పంపు షాఫ్టా?" అన్నాడు. గిటారుకని చెప్తే ఓసారి నా మొహంలోకి చూసి ఇంకేం అడగలేదు. బఫింగ్ మాత్రం శ్రద్ధగా చేశాడు. తూచి చూస్తే ఇత్తడి 252, స్టెయిన్‌లెస్ 236, అల్యూమినియం 80 గ్రాములు.

అల్యూమినియం కథ పది నిమిషాల్లో ముగిసింది. ఉక్కు బార్‌తో ఒక మీటు మీటితే మధ్యమకాలంలో ఆదితాళం ఆవర్తనం, అంటే ఎనిమిది దెబ్బలు, పొడవునా నాదం నిలబడుతుంది. అల్యూమినియంతో మొదటి నాలుగు దెబ్బల లఘువు దాటేసరికే కొండెక్కుతుంది. కారణం తేలికే. బార్ తీగకు కొత్త నట్ (మెడ చివర తీగలు ఆనే అడ్డపట్టీ) లాంటిది. అది బరువుగా, కదలకుండా ఉంటే తీగలో ఊపు తీగలోనే ఉంటుంది. తేలిక ముక్కైతే తీగతోపాటు అదీ అదురుతుంది, ఆ ఊపంతా మన వేళ్లలో ఇంకిపోతుంది. పైగా గీరల తీగల (పైన సన్న తీగ చుట్టిన లావు తీగల) మీద అది చేసే గరగర! గోటితో సుద్దపలక గీకినట్టు. ఇప్పుడది మా ఇంట్లో కాగితాల మీద బరువు.

ఇత్తడికీ స్టెయిన్‌లెస్‌కీ తేడా తేల్చాలని ఒక పని చేశాను. ఇత్తడి బార్ వెనక కొస నుంచి 8 మి.మీ. డ్రిల్లుతో నాలుగు సెంటీమీటర్లకు కాస్త తక్కువ లోతు బెజ్జం వేయించి, బరువు సరిగ్గా స్టెయిన్‌లెస్‌కి సమానం చేయించాను. రెండూ ఒకేలా మెరుగు పట్టించాను. మా ఆవిడ వంటింట్లో ఉండగా ముందు గదిలో కూర్చుని, మా అమ్మాయి చీటీ తీసిన వరసలో ఒకే మోహన రాగం ముక్క పదిసార్లు వాయించాను. ఏది ఇత్తడో చెప్పమన్నాను. మా ఆవిడ చెవి తక్కువదేం కాదు, శ్రుతి వెంట్రుకవాసి తప్పినా వంటింట్లోంచే కేకేస్తుంది. పదింట్లో ఆరు సరిగ్గా చెప్పింది. బొమ్మా బొరుసా వేసినా దాదాపు అంతే. మధ్యలో కొంటెగా ఒకసారి అల్యూమినియంతో వాయిస్తే మాత్రం "అదేంటి, తీగ తెగిందా?" అంది.

చెవికి తేడా లేదన్నాను గానీ చేతికి ఉంది. స్టెయిన్‌లెస్ తీగ మీద కాస్త పట్టినట్టు జరుగుతుంది. ఎంత మెరుగు పెట్టినా మందరం తీగల (కింది స్థాయి లావు తీగల) మీద సర్రుమనే చప్పుడు పూర్తిగా పోదు. దాని సుగుణమల్లా మొండితనం. మే నెల చెమటకు తుప్పు పట్టదు, తుడవకపోయినా అలగదు. పదకొండేళ్లలో దాని మీద కంటికి కనిపించే గాడి ఒక్కటీ లేదు. పిల్లలకు నేర్పేటప్పుడు వాళ్ల చేతికిచ్చేది ఇదే.

క్రోమ్ విషయంలో నేను దెబ్బతిన్నాను. అమెరికాలో ఉన్న మేనల్లుడు ఒకసారి అక్కడి క్రోమ్ బార్ తెచ్చిపెట్టాడు. తీగ మీద పెడితే వెన్న మీద చెంచా జారినట్టు జారింది. క్రోమ్ పూత ఇత్తడి కంటే ఎన్నో రెట్లు గట్టిది, తీగ దాన్ని గీయలేదు. ఇంత మంచిదైతే ఇక్కడే పూత వేయించుకోవచ్చు కదా అనే తెలివి పుట్టింది నాకు. నాన్న చేయించిన పాత ఇత్తడి బార్‌ని ఊళ్లో ఒక ప్లేటింగ్ షాపులో ఇచ్చాను. వారం తర్వాత ధగధగలాడుతూ వచ్చింది. నాలుగు నెలలకు కొస దగ్గర బుడగ లేచింది, తర్వాత ఉల్లిపొరలా ఊడటం మొదలైంది. ఊడిన అంచు బ్లేడుతో సమానం. ఒక పెళ్లిలో పాట మధ్యన మొదటి తీగను తెంపేసింది. అడగబోతే "మేము మోటార్ సైకిల్ హ్యాండిల్స్‌కి వేస్తాం సార్, మీరు దీన్ని రుద్దుతారు" అన్నారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. పూతంతా మళ్లీ తీయించి ఇత్తడిని ఇత్తడిగానే ఉంచేశాను.

మేనల్లుడు తెచ్చిన బార్ మాత్రం తొమ్మిదేళ్లుగా వేదిక మీద నాకు తోడు. నిదానంగా సాగే పాటలకు, రవీంద్ర సంగీతానికి, పాత సినిమా పాటల్లో పొడుగాటి జారులకు దాన్ని మించింది లేదు. చెమట పట్టిన చేతిలోంచి మాత్రం సబ్బుబిళ్లలా జారుతుంది. ఒకసారి జారి గచ్చు మీద పడింది. చూస్తే ఏమీ లేదు, వాయిస్తే మొదటి తీగ మీద ఒక చోట 'టిక్' మంటోంది. ఇలాంటి గాటు కంటికి కనిపించదు, వేలికి తగలదు. దూదిపింజ తీసుకుని బార్ చుట్టూ మెల్లగా రాయండి. గాటు ఉన్నచోట ఒక పోగు పట్టుకుని నిలబడుతుంది. క్రోమ్‌కి గాటు పడితే రుద్దడానికి లేదు, రుద్దితే పూత పోతుంది. బార్‌ని కొద్దిగా తిప్పి, గాటు పైకి ఉండేలా పట్టుకుని వాయిస్తున్నాను. ఇత్తడో స్టెయిన్‌లెస్సో అయితే అరగంట ఎమెరీ పనితో సరిపోయేది.

ఇక అసలు ఇబ్బంది. కీర్తనలు వాయించడం మొదలుపెట్టాక బరువు బార్లన్నీ నన్ను ఏడిపించాయి. తోడి రాగంలో గాంధారం ఊగాలి. 236 గ్రాముల ముక్కను తీగ మీద అలా ఊపడమంటే నిండు బిందెను చంకలో పెట్టుకుని కోలాటం ఆడినట్టే. రెండు కీర్తనలకే మణికట్టు పట్టేసేది. ఊపు మొదలవడం ఆలస్యం, ఆగడం అంతకంటే ఆలస్యం, స్వరం తగలాల్సిన చోటు దాటిపోయేది. గోటువాద్యం (మెట్లు లేని వీణ లాంటి వాయిద్యం) వాళ్లు నల్లచేవ కర్రముక్కో టెఫ్లానో ఎందుకు వాడతారో అప్పుడు అర్థమైంది. నా గిటారు మీద కర్ర పెట్టి చూస్తే నాదం మూగబోయింది. వాళ్ల వాయిద్యం వేరు, తీగలు వేరు, దానికి తరబ్ తీగల (మీటకుండానే తోడుగా మోగే తీగల) అండ కూడా ఉంది.

తేలిగ్గా ఉండాలి, కానీ గట్టిగా, నున్నగా ఉండాలి. ఇది దొరికింది కూడా ఆటోనగర్‌లోనే. కారు రిపేరుకిచ్చి కూర్చున్నప్పుడు మెకానిక్ బల్ల మీద పాత పిస్టన్ ఒకటి విప్పి ఉంది. దాన్ని కనెక్టింగ్ రాడ్‌కి కలిపే పిన్ తీసి చూశాను. 22 మి.మీ. లావు, 65 పొడవు, లోపల బోలు. గట్టిపరిచిన ఉక్కు, గ్రైండింగ్ ఎంత నున్నగా ఉందంటే నా మొహం కనిపిస్తోంది. ఇంజన్‌లో నిమిషానికి వేలసార్లు ఊగడానికే చేసిన వస్తువు కదా. తూకం 136 గ్రాములు. డబ్బులివ్వబోతే అతను నవ్వి, టీ తాగించమన్నాడు.

ఆరు తీగలకూ ఆ పొడవు అంచు నుంచి అంచుకు సరిపోతుంది, అంతకుమించి ఒక్క తీగకు చోటు లేదు. రెండు కొసల అంచులూ పదునుగా ఉంటే ఆయిల్ రాయి మీద గుండ్రం చేసుకున్నాను. చూపుడువేలు కొస బోలులో ఆనించి, బొటనవేలితో, నడిమి వేలితో పట్టుకుంటాను. నాదం క్రోమ్ బార్ అంత పొడుగు నిలబడదు, ఆవర్తనంలో లఘువు తర్వాతి ద్రుతం మొదలయ్యేసరికి సన్నబడుతుంది. కానీ కీర్తనలో అంతసేపు ఒకే స్వరం మీద ఎవరు కూర్చుంటారు? తోడి గాంధారం ఊగుతుంది, మోహనలో గాంధారం నుంచి పంచమానికి జారు పూసినట్టు వెళ్తుంది, మణికట్టు నొప్పి లేదు. మూడేళ్లుగా గిటారు మీద ఉండేది ఇదే.

దీనికి ఒక్కటే జబ్బు, తుప్పు. తుఫాను రోజుల్లో రెండు రాత్రులు తుడవకుండా వదిలేస్తే మూడోనాటికి ఎర్రటి చుక్కలు. వాయించడం అవగానే పొడిబట్టతో తుడిచి, కుట్టుమిషన్ నూనె ఒక చుక్క రాయాలి, మళ్లీ వాయించే ముందు ఆ నూనె పూర్తిగా తుడిచేయాలి. నేను ఒకసారి బద్ధకించి నూనెతోనే వాయించాను. కొత్తగా వేసిన మందరం తీగలు మూడూ వారంలో మొద్దుబారి, మార్చాల్సి వచ్చింది. పిన్ ఉచితంగానే వచ్చింది గానీ తీగల సెట్టు ఉచితం కాదు.