యాప్ 93 శాతం అంది, పరీక్షలో 19 వచ్చాయి: టెక్సాస్ రియల్ ఎస్టేట్ లైసెన్స్ కోసం పదకొండు నెలలు

మా ఫ్రిస్కో ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో కిందటేడు మే నెలలో, రియల్ ఎస్టేట్ లైసెన్స్ పరీక్షకి ప్రాక్టీసు చేయించే ఒక యాప్‌ని తెగ పొగిడాను. "ఇంకేం ఆలోచించకుండా కొనేయండి" అని రాస్తే ముగ్గురు కొన్నారు కూడా. అప్పటికి నేనింకా పరీక్ష రాయలేదు. రాశాక నా అభిప్రాయం చాలా మారింది. ఆ ముగ్గురికీ ఫోన్ చేసి చెప్పాను, మిగతావాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను. యాప్ పేరు చెప్పను. నాకు ఎదురైన చిక్కు, ప్రశ్నల బ్యాంకు పెట్టి పర్సంటేజీ చూపించే ఏ యాప్‌తోనైనా రావచ్చు.

ఆరు కోర్సులు, 180 గంటలు, వేలిముద్రలు, ట్రెక్‌కి (లైసెన్సులిచ్చే టెక్సాస్ రియల్ ఎస్టేట్ కమిషన్) అప్లికేషన్ లాంటివి ఎక్కడ చూసినా దొరుకుతాయి కాబట్టి వదిలేస్తున్నాను. నా గొడవంతా ఒక్క మీటరుతో.

యాప్ తెరవగానే పైన గుండ్రటి మీటరు ఒకటి కనిపిస్తుంది. మొదట ఎర్రగా ఉంటుంది, మార్కులు పెరిగేకొద్దీ పసుపులోకి వస్తుంది, 85 దాటితే ఆకుపచ్చ. అప్పుడు దాని కింద "మీరు పరీక్షకు సిద్ధం" అని పడుతుంది. పిల్లల్ని స్కూల్ బస్ ఎక్కించి, కాఫీ కలుపుకుని, డైనింగ్ టేబుల్ దగ్గర రోజూ గంటన్నర కూర్చునేదాన్ని. లేవబోయే ముందు ఆ మీటరు చూడకుండా లేచేదాన్ని కాదు. మార్చిలో 41. మే నెలాఖరుకి 78. జూన్ రెండో వారంలో 93. ఆ రోజే పరీక్ష స్లాట్ బుక్ చేశాను.

పరీక్షలో రెండు భాగాలు. నేషనల్ పార్ట్ 85 ప్రశ్నలు, రెండున్నర గంటలు. స్టేట్ పార్ట్ 40 ప్రశ్నలు, గంటన్నర. నేషనల్ సాఫీగానే పోయింది. స్టేట్ పార్ట్‌లో పదో ప్రశ్నకల్లా అరచేతులు చెమట పట్టాయి. ప్రతి మాటా తెలిసినదే, ఏ ప్రశ్నా తెలిసినది కాదు. బయటికి వచ్చాక కాగితం చేతికిచ్చారు. పాసైన భాగానికి మార్కులు ఉండవు, పాస్ అని మాత్రమే ఉంటుంది. తప్పిన భాగానికి మాత్రం ఎన్ని వచ్చాయో, ఏ అంశంలో ఎలా రాశామో వివరంగా ఉంటుంది. స్టేట్ పార్ట్‌కి 21 రావాలి. నాకు 19.

కారులో ఏసీ వేసుకుని ఆ కాగితం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. తప్పినందుకు బాధ ఉంది. అంతకంటే 93 అన్నది ఏమైందన్న ప్రశ్నే ఎక్కువ తొలిచేసింది.

మర్నాడు ఒక పని చేశాను. యాప్‌లో స్టేట్ పార్ట్ టెస్టు ఒకటి తెరిచి, స్క్రీన్ మీద అట్టముక్క అడ్డం పెట్టి, ప్రశ్నలో మొదటి లైను మాత్రం కనపడేలా చూసుకున్నాను. అది చదివి, జవాబు ఎన్నో ఆప్షనో కాగితం మీద రాసుకుంటూ పోయాను. 30 ప్రశ్నల్లో 26 కరెక్ట్. ప్రశ్న ఏం అడుగుతోందో చదవకుండానే 26! యాప్‌లో మా రాష్ట్రానికి సంబంధించిన ప్రశ్నలు లెక్కపెడితే 212 ఉన్నాయి. నాలుగు నెలలుగా అవే తిప్పి తిప్పి చేస్తున్నాను. ఒక్కో ప్రశ్న ఆరేడుసార్లు చేసి ఉంటాను. జవాబు తెలిసి పెట్టానా, గుర్తుండి పెట్టానా అన్నది ఆ మీటరుకి తెలియదు. నొక్కిన ప్రతి కరెక్ట్ జవాబుకీ అది ముందుకి జరుగుతూనే పోయింది. నా జ్ఞాపకశక్తిని కొలిచి, నాకు సబ్జెక్టు వచ్చేసిందని చెప్పింది. అడ్డంగా నమ్మాను.

ఒక ఉదాహరణ చెప్తాను. పరీక్షలో వచ్చిన ప్రశ్నలు బయట చెప్పకూడదు, ఇది నేను సొంతంగా అల్లినది. టెక్సాస్‌లో అమ్మేవాళ్లు, కొనేవాళ్లు ఇద్దరూ ఒకే బ్రోకర్ క్లయింట్లయితే ఆ బ్రోకర్ ఇంటర్మీడియరీగా, అంటే ఇద్దరికీ మధ్యవర్తిగా పనిచేయాలి, దానికి ఇద్దరి దగ్గరా రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. యాప్‌లో ఇంటర్మీడియరీ అన్న మాట కనిపించిన ప్రతిచోటా జవాబు ఆ అనుమతి గురించే. నాకు అంతవరకే వచ్చు. ఇప్పుడు, బ్రోకర్ తన కింది ఏజెంట్లలో ఎవరినీ ఏ పార్టీకీ అపాయింట్ చేయలేదు, కొనే ఆవిడ వచ్చి "ఎంతకి ఆఫర్ పెట్టమంటారు?" అని ఏజెంటుని అడిగింది అనుకోండి. ఏజెంటు ఏం చెప్పాలి? చెరో పార్టీకి చెరో ఏజెంటుని బ్రోకర్ అపాయింట్ చేసి ఉంటే ఆ ఏజెంట్లు తమ పార్టీకి సలహా ఇవ్వొచ్చు. అపాయింట్‌మెంట్ లేకపోతే ఎవరికీ సలహా, అభిప్రాయం ఇవ్వకూడదు. ఇది పాఠంలో ఉంది, నేను చదివాను కూడా. కానీ ఒక మనిషి ఎదురుగా నిలబడి అడిగినట్టు ఎప్పుడూ ఊహించుకోలేదు, యాప్ ఎప్పుడూ అలా అడగలేదు.

ఇంతకంటే కోపం వచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. 2021 ఏప్రిల్ నుంచి ఇక్కడ ఆప్షన్ ఫీజు (కొన్ని రోజుల్లోపు వద్దనుకుంటే ఒప్పందం రద్దు చేసుకునే హక్కు కోసం కొనేవాళ్లు కట్టేది) కూడా ఎర్నెస్ట్ మనీతో (బయానాతో) పాటు టైటిల్ కంపెనీకే, అంటే మధ్యలో డబ్బు, కాగితాలు చూసుకునే సంస్థకే చేరాలి. అంతకుముందు అది నేరుగా అమ్మేవాళ్లకి ఇచ్చేవాళ్లు. యాప్‌లో ఒక ప్రశ్నకి కొత్త పద్ధతి కరెక్టు, ఇంకో ప్రశ్నకి పాత పద్ధతి కరెక్టు. రెండూ ఒకే టెస్టులో ఎదురైన రోజు నాకే ఏదో అర్థం కాలేదనుకుని, రెంటికీ వాళ్లన్న జవాబే బట్టీ పట్టాను. తప్పు వాళ్లదని తెలిసింది పరీక్ష పోయాకే. మెయిల్ పెడితే తొమ్మిది రోజులకి "సరిచేశాం, ధన్యవాదాలు" అని వచ్చింది. ఇంకో రెండు వారాల తర్వాత చూస్తే పాత ప్రశ్న అక్కడే ఉంది.

ఇక నన్ను గట్టెక్కించింది చెప్తాను. దానికి పైసా ఖర్చు లేదు. ట్రెక్ సైట్‌లో కాంట్రాక్ట్ ఫారాలన్నీ ఉచితంగా దొరుకుతాయి. పాత ఇళ్లు చేతులు మారేటప్పుడు వాడే వన్ టు ఫోర్ ఫ్యామిలీ రీసేల్ కాంట్రాక్ట్ ఉందే, అది ప్రింటు తీశాను. నిజానికి ఆ ఫారం అప్పటిదాకా నేను సరిగ్గా చూడనే లేదు. మన తెలుగువాళ్లలో చాలామంది లాగే మేమూ బిల్డర్ దగ్గర కొత్త ఇల్లు కొన్నాం. బిల్డర్లు తమ సొంత కాంట్రాక్ట్ మీదే సంతకాలు పెట్టించుకుంటారు. ఆప్షన్ పీరియడ్ (ఆప్షన్ ఫీజు కట్టినందుకు రద్దు చేసుకోవడానికి దొరికే గడువు) అన్న మాట మా ఇంటి కొనుగోలులో వినపడలేదు. పుస్తకంలో చదివితే ఎలా తలకెక్కుతుంది?

ఒక శనివారం రాత్రి పిల్లలు పడుకున్నాక మా ఆయన్ని కూర్చోబెట్టి, ఆయన ఇల్లు అమ్ముతున్నట్టు, నేను కొంటున్నట్టు పెన్నుతో ఆ ఫారం నింపడం మొదలుపెట్టాం. రెండో పేరాకే గొడవ మొదలైంది. గోడ మీది టీవీ చూపించి "ఇది నేను తీసుకెళ్తా" అన్నాడు. ఫారం చదివితే టీవీ ఆయనదే, దాన్ని గోడకి పట్టించిన బ్రాకెట్ మాత్రం ఇంటితో పాటు నాకే. కర్టెన్లు నాకే, వాటి రాడ్లూ నాకే. "మరి ఫ్రిజ్?" అన్నాడు. జాబితా అంతా వెతికాను, దాని పేరు లేదు. ఫ్రిజ్ కావాలంటే దానికి వేరే అడెండమ్ (అనుబంధ పత్రం) పెట్టుకోవాలి. ఇది నేనిక జన్మలో మర్చిపోను.

ఆప్షన్ పీరియడ్ దగ్గర అసలు విషయం తెలిసింది. పది రోజులని రాసి క్యాలెండర్‌లో లెక్కపెడితే ఆఖరి రోజు ఆదివారం వచ్చింది. "సెలవు కదా, సోమవారం దాకా ఉన్నట్టేగా?" అన్నాడు మా ఆయన. అవునన్నాను. పేరా మళ్లీ చదివితే అలా లేదు. డబ్బు చేర్చాల్సిన ఆఖరి రోజు శని, ఆదివారాల్లోనో సెలవు రోజునో పడితే తర్వాతి పనిరోజుకి జరుగుతుంది. ఆప్షన్ పీరియడ్‌కి ఆ వెసులుబాటు లేదు. వద్దనుకుంటే ఆ ఆదివారమే, ఇల్లున్న ఊరి టైం ప్రకారం సాయంత్రం 5 లోపు నోటీసు ఇచ్చి తీరాలి. వేల డాలర్లు ఆ ఒక్క లైను మీద ఆధారపడి ఉంటాయి. ఇలాంటి ముడి ఒక్కటి కూడా 212 ప్రశ్నల్లో లేదు.

మా నాన్న తెనాలిలో ముప్ఫై ఏళ్లు దస్తావేజులు రాశారు. ఫోన్‌లో ఇదంతా చెప్తుంటే "అయితే అక్కడ ఏజెంట్లే దస్తావేజు రాసేస్తారా అమ్మా?" అని అడిగారు. లేదు నాన్నా, మేం ఖాళీలు మాత్రమే నింపాలి, సొంతంగా షరతులు కల్పించి రాస్తే లైసెన్స్ లేకుండా వకీలు పని చేసినట్టు అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మంచి పద్ధతే" అన్నారు. ఆయన నోటి నుంచి ఆ మాట వచ్చాక ఆ రూలు నాకు ఇంకెప్పుడూ తడబడలేదు.

యాప్‌లో మంచి లేదని అనను. లెక్కల వీడియోలు బాగున్నాయి, మేలో నేను పొగిడింది ముఖ్యంగా వాటినే. కమిషన్ పంపకాలు, వడ్డీ, ఆస్తి పన్ను రోజుల లెక్కన విడదీయడం ఓపిగ్గా చెప్తారు. అయితే ఇప్పుడు ఆలోచిస్తే, లెక్కలు నాకు ముందే కొంచెం వచ్చు. ఎకరానికి 43,560 చదరపు అడుగులని గుర్తుపెట్టుకోవడానికి వాళ్లు పెద్ద చిట్కా చెప్తారు. ఎకరం 4,840 గజాలని చిన్నప్పుడే మా ఇంట్లో నోటికొచ్చు, గజానికి తొమ్మిది అడుగులు, అంతే కదా. సెంటు కూడా అలాగే, 435.6. కాబట్టి ఆ వీడియోలు నాకెంత మేలు చేశాయో, అసలు లెక్కలే రానివాళ్లకెంత చేస్తాయో నేను కచ్చితంగా చెప్పలేను.

నేషనల్ పార్ట్‌కి ప్రశ్నలు చాలా ఉన్నాయి, అవి పనికొచ్చాయి. అమెరికా కేంద్ర భూసర్వేలో టౌన్‌షిప్‌కి 36 సెక్షన్లు, సెక్షన్‌కి 640 ఎకరాలు లాంటివి అక్కడే బాగా వచ్చాయి. తమాషా ఏంటంటే టెక్సాస్ భూములకి ఆ కొలతే లేదు. 1845లో అమెరికాలో కలిసినప్పుడు ఈ రాష్ట్రం తన భూముల్ని తన దగ్గరే ఉంచుకుంది, అందుకని ఇక్కడ కేంద్ర సర్వే జరగలేదు. అయినా నేషనల్ పార్ట్ కోసం నేర్చుకోవాల్సిందే.

తప్పిన భాగం ఒక్కటే మళ్లీ రాస్తే సరిపోతుంది. మూడుసార్లు తప్పితే మాత్రం మళ్లీ అదనపు క్లాసులు చదవాలి, అప్లికేషన్ పెట్టిన ఏడాదిలోగా అంతా అయిపోవాలి. ఐదు వారాలు యాప్ ముట్టుకోకుండా ఫారాలు, ఏజెన్సీ పాఠం (క్లయింటు పట్ల ఏజెంటు బాధ్యతలు) మాత్రమే చదివి రెండోసారి వెళ్లాను. ఈసారి కాగితం మీద నంబరు లేదు, పాస్ అని ఉంది. ఫారాల వల్లే పాసయ్యానా, ఒకసారి పరీక్ష చూసిన ధైర్యం వల్లా అంటే, రెండోది కూడా ఉంది.

కొనాలా వద్దా అని అడిగేవాళ్లకి నా పరిస్థితి చెప్తాను, మీరే పోల్చుకోండి. ఈఏడీ (అమెరికాలో పనిచేసుకునే అనుమతి) ఉంది, ఉద్యోగం లేదు, పొద్దున పూట ఇల్లు ఖాళీగా ఉంటుంది, అమ్మకాల కాగితాలు చూస్తూ పెరిగాను. రోజంతా ఆఫీసు పనిచేసి రాత్రి పదింటికి అరగంట మాత్రమే దొరికేవాళ్లకి ఫారం నింపుతూ కూర్చునే తీరిక ఉండదు, వాళ్లకి ఫోన్‌లో పది ప్రశ్నలు చేసుకోవడమే నయం కావచ్చు. ఏ ప్రశ్ననీ మూడుసార్లకి మించి చేయకండి, ఆ మీటరుని సెట్టింగ్స్‌లో దాచేయండి. దాచే వీలుందని నాకు పరీక్ష పోయాకే తెలిసింది.

మా ఆడపడుచు ఆస్టిన్‌లో ఈ నెలలోనే మొదలుపెట్టింది. అదే యాప్ కొంది, నేను వద్దనలేదు. రీసేల్ కాంట్రాక్ట్ ఒకటి, ఇంటర్మీడియరీ గురించి నేను రాసుకున్న నాలుగు పేజీలు కవర్లో పెట్టి నిన్న పోస్టు చేశాను.