నథింగ్ లాస్ట్స్ ఫరెవర్: మూడో గొంతు లేని టీనేజ్ ఫ్యాన్‌క్లబ్

పేరులో టీనేజ్ ఉన్నా ఈ గిటార్ రాక్ బ్యాండ్ పుట్టింది 1989లో. స్కాట్లాండ్‌లో గ్లాస్గో పక్కనున్న బెల్స్‌హిల్ కుర్రాళ్లు పెట్టుకున్న టీనేజ్ ఫ్యాన్‌క్లబ్ 2023 సెప్టెంబరులో తెచ్చిన పది పాటల ఆల్బం ‘నథింగ్ లాస్ట్స్ ఫరెవర్’. 1991లో అమెరికా పత్రిక స్పిన్, అప్పట్లో మోగిపోయిన రాక్ బ్యాండ్ నిర్వానా వాళ్ల ‘నెవర్‌మైండ్’ని కూడా కాదని ఆ ఏటి మేటి ఆల్బంగా ఎంచింది వీళ్ల ‘బ్యాండ్‌వాగనెస్క్’నే. ఆ రోజుల హోరు కోసం మాత్రం ‘నథింగ్ లాస్ట్స్ ఫరెవర్’ని కొనొద్దు, దొరకదు. గిటార్లు ఉన్నాయి, కాకపోతే గొంతులకు దారిచ్చి పక్కకు జరిగి నిలబడ్డాయి.

ముందే తెలియాల్సిన సంగతి ఇంకోటుంది. గెరార్డ్ లవ్ లేడు. నార్మన్ బ్లేక్, రేమండ్ మెక్‌గిన్లీ, లవ్ ముగ్గురూ పాటలు కట్టేవాళ్లు, ఎవరు కట్టింది వాళ్లే పాడేవాళ్లు. 2016లో వచ్చిన ‘హియర్’ చూడండి, పన్నెండు పాటలు, తలా నాలుగు. అన్నదమ్ముల పంపకంలా లెక్క అంత కచ్చితం. ‘స్పార్కీస్ డ్రీమ్’, ‘ఎయింట్ దట్ ఇనఫ్’ గెరార్డ్ లవ్ కట్టినవే. 2018లో టూర్ల దగ్గర మాట కుదరక ఆయన బయటికి వెళ్లాడు. అప్పటిదాకా వేరే వాద్యాలు చూసుకున్న డేవ్ మెక్‌గొవాన్ బేస్ గిటార్ అందుకున్నాడు, వేల్స్ నుంచి యూరోస్ చైల్డ్స్ కీబోర్డుల దగ్గరికి వచ్చాడు, డ్రమ్స్ ఫ్రాన్సిస్ మెక్‌డొనాల్డ్‌వి. ఈ జట్టుతో 2021లో ‘ఎండ్‌లెస్ ఆర్కేడ్’ వచ్చింది. ఇది రెండోది.

లోటు ఎక్కడ తెలుస్తుందంటే నడకలో. బ్లేక్ పాట తియ్యగా, తీరిగ్గా నడుస్తుంది. మెక్‌గిన్లీది ఇంకాస్త పొడిగా, ఆలోచిస్తూ నడిచే పాట. ఈ రెండిటి మధ్య గెరార్డ్ లవ్ పాట తాలింపులా పడి చిటపటలాడేది. ఇప్పుడా చిటపట లేదు. ఆల్బం మధ్యలో వరసగా వచ్చే పాటలు ఇంచుమించు ఒకే వేగంలో ఉండటంతో, పని చేసుకుంటూ వింటే ఏది ఎక్కడ అయిపోయిందో తెలియదు. ఇది ఈ ఆల్బంలో ఉన్న అసలు తప్పు, దీన్ని దాచి పొగడటం అనవసరం.

అయినా కొనమనే చెప్తాం, కారణం పాడిన తీరు. 2022 ఆగస్టు చివర్లో వేల్స్‌లోని రాక్‌ఫీల్డ్ స్టూడియోలో పది రోజులు కూర్చుని రికార్డు చేశారు. పశువులూ పొలమూ ఉన్న రైతు ఇంట్లో పుట్టిన స్టూడియో అది, వచ్చినవాళ్లు అక్కడే తిని, అక్కడే పడుకుని పని చేసుకోవచ్చు. బ్రిటిష్ బ్యాండ్ క్వీన్ వాళ్ల ‘బొహీమియన్ రాప్సొడీ’ పాట పని అక్కడే మొదలైంది, మరో బ్రిటిష్ బ్యాండ్ ఒయాసిస్ రెండో ఆల్బం అక్కడిదే. పది రోజులే కాబట్టి చెక్కుతూ కూర్చోవడానికి టైం లేదు, ఆ తాజాదనం వినిపిస్తుంది.

మొదటి పాట ‘ఫారిన్ ల్యాండ్’ బ్లేక్‌ది, వెంటనే వచ్చే ‘టయర్డ్ ఆఫ్ బీయింగ్ అలోన్’ మెక్‌గిన్లీది. అల్ గ్రీన్ పాడిన పాత పాటకీ దీనికీ పేరు తప్ప చుట్టరికం లేదు. ఈ రెండూ వెంటవెంటనే వింటే చాలు, ఇద్దరి గొంతుల తేడా పట్టుబడుతుంది, ఆపైన పాట మొదలవగానే ఎవరిదో చెప్పేయొచ్చు. పేర్లు కూడా ఓసారి చూడండి. పదింటిలో మూడింట ‘లైట్’ ఉంది, ‘ఫాలింగ్ ఇంటు ద సన్’లో ఏకంగా సూర్యుడే ఉన్నాడు. ముప్ఫై ఏళ్లకు పైగా రాస్తున్నవాళ్లకు మాటలు తిరిగి తిరిగి వస్తాయి మరి.

వీళ్ల హార్మనీ, అంటే రెండు గొంతులు వేర్వేరు స్వరాల్లో కలిసి పాడటం గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇంట్లో పాడిచూసేవాళ్లు తప్పు చేసేది అక్కడే. పై గొంతు చాలాచోట్ల మూడో స్వరం పట్టుకుంటుంది. సంగీతం నేర్చుకున్నవాళ్లకు శంకరాభరణంలో చెప్తే తేలిక: కింది గొంతు ‘స’ దగ్గరుంటే పైది ‘గ’, కింద ‘రి’కి పైన ‘మ’, కింద ‘గ’కి పైన ‘ప’. హార్మోనియం మీద తెల్లవీ నల్లవీ అన్నీ కలిపి లెక్కేస్తే ‘స’ నుంచి ‘గ’కి నాలుగు మెట్లు, ‘రి’ నుంచి ‘మ’కి మూడే. ఎప్పుడూ నాలుగే లెక్కపెట్టుకుని ఎక్కితే రెండో స్వరానికే రాగం దాటిపోతారు, అపశ్రుతి ఖాయం. ఇక గమకం, వణుకు వద్దు. గొంతును గీత గీసినట్టు నిలపాలి, అప్పుడే రెండూ ఒక్కటిగా అతుక్కుంటాయి.

గిటార్ వాయించేవాళ్లకూ ఒక మాట. ఈ తరహా పాటల్లో ఒక గిటార్ శుభ్రమైన టోన్‌తో, వేలితో నొక్కకుండా వదిలిన తీగలు మోగేలా కార్డ్‌ను (కలిసి మోగాల్సిన స్వరాల గుంపును) విడివిడిగా మీటుతుంది. గిటార్ ధ్వనిని గరగరలాడించే ఫజ్ పెడల్ రెండో గిటార్‌కు, అదీ ఒక్కో స్వరంగా వెళ్లే లైన్‌కే. ఫజ్ వేసి ఆరు తీగలూ ఒకేసారి బాదితే స్వరాలు ఒకదాన్నొకటి తినేస్తాయి. అందులో కార్డ్‌కు రంగునిచ్చే మూడో స్వరం ముందు బురదవుతుంది, తర్వాత పాడేవాడి మాట వినిపించదు. పెడల్ మంచిది కాదనుకుని మార్చకండి, మీటే తీగలు తగ్గించండి.

ఆఖరి పాట ‘ఐ విల్ లవ్ యూ’ దగ్గర కాసేపు ఆగాలి. ఏడు నిమిషాలు, మెక్‌గిన్లీది. పేరు చూసి యుగళగీతం అనుకునేరు. దురభిమానులు తాము చేసిన చెడ్డకు క్షమాపణ చెప్పి వెళ్లిపోయేదాకా నిన్ను ప్రేమిస్తూనే ఉంటానంటాడు. అంటే ఇప్పట్లో ఆ ప్రేమకు చివర లేనట్టే, చమత్కారం అక్కడుంది. అంత మాటా గొంతు పెంచకుండా, పక్కింటాయన అరుగు మీద కూర్చుని చెప్పినట్టు చెప్తాడు. ‘ఎండ్‌లెస్ ఆర్కేడ్’ని తెరిచిన ‘హోమ్’ కూడా ఏడు నిమిషాలదే. అందులో చివరి నిమిషాలు గిటార్ సోలోకే పోయాయి, అది ఎక్కువైందనిపించిన మాట నిజం. ఇక్కడ ఆ పొడవు అక్కరకొచ్చింది, అదే మాట మళ్లీ మళ్లీ వస్తుంటే లోపలికి దిగుతుంది. ఆల్బంలో ఒక్క పాటే వింటామంటే ఇదే వినండి.

వినే పద్ధతి మీద చాలా ఆధారపడుతుంది. స్ట్రీమింగ్ యాప్‌లో క్రాస్‌ఫేడ్ ఆన్‌లో ఉంటే ఆపేయండి. నెమ్మదిగా ఆగే పాట తోక మీద తర్వాతి పాట ఎక్కి కూర్చుంటుంది. షఫుల్ కూడా వద్దు, మొదటి పాట తెరిచిన తలుపును ఆఖరిది మూస్తుంది. ఫోన్ స్పీకర్‌లో అయితే అసలు పెట్టొద్దు. ఎడమా కుడీ పంచిన గిటార్లు ఒకే చిన్న రంధ్రంలోంచి వస్తే గొంతులతో కలిసి ముద్దయిపోతాయి, బేస్ సంగతి ఇక చెప్పక్కర్లేదు. నాలుగైదు వందల వైరు ఇయర్‌ఫోన్ అయినా దానికన్నా మేలు.

వీళ్లను ఇంతవరకూ విననివాళ్లు దీంతో మొదలుపెట్టకండి. 1995 నాటి ‘గ్రాండ్ ప్రి’, తర్వాత 1997 నాటి ‘సాంగ్స్ ఫ్రం నార్దర్న్ బ్రిటన్’ వినండి. ముగ్గురి గొంతులూ చెవికి అలవాటయ్యాక ఇక్కడికి రండి, అప్పుడే ఇందులో ఏం పోయిందో, ఏం మిగిలిందో తెలుస్తుంది.

బ్రిటన్‌లో వాళ్ల సొంత లేబుల్ పీమా, అమెరికాలో మెర్జ్ విడుదల చేశాయి. ఎల్పీ (వినైల్ రికార్డు) తెప్పించుకునేవాళ్లకు ఒక జాగ్రత్త. ఆ ఏడు నిమిషాల పాట పడేది రికార్డు చివర, మధ్యలో అంటించిన కాగితానికి దగ్గరగా. అక్కడ చుట్టు చిన్నది. ఒక్క చుట్టుకు పట్టే సమయం మాత్రం మారదు కాబట్టి అంతే సంగీతం తక్కువ పొడవులో ఇరుక్కుంటుంది. సూది అరిగినా, దాన్ని పట్టి ఉంచే కార్ట్రిడ్జ్ కోణం తప్పినా ‘స’కారాలన్నీ బుసకొడతాయి. తయారీ లోపమని రికార్డు వెనక్కి పంపే ముందు సూది ఒకసారి మార్చి చూడండి.