లొల్ల లాకుల నుంచి దిండి దాకా: పరుగు-నడక క్లబ్బుతో కోనసీమ

గుంపుగా పరిగెత్తే క్లబ్బుల్లో ఒక పాత ఆట ఉంది. ఒకరిద్దరు ముందే వెళ్లి పిండి గుర్తులు పెట్టుకుంటూ దారి వేస్తారు. వాళ్లు కుందేళ్లు. మిగతా అందరూ ఆ గుర్తులు వెతుక్కుంటూ వెంటపడతారు. దారి ఉన్నట్టుండి తెగిపోతుంది, మధ్యలో తప్పుదారులు తగులుతాయి. జోరుగా పరిగెత్తేవాళ్లు అవన్నీ తిరిగొచ్చేలోపు నడిచేవాళ్లు వచ్చి కలుసుకుంటారు. 1938లో కౌలాలంపూర్‌లో హాష్ హౌస్ హారియర్స్ అనే పేరుతో మొదలైన పద్ధతి ఇది. గెలుపోటములు లేవు కాబట్టి పదేళ్ల పిల్లల దగ్గర్నుంచి రిటైరైన మాస్టార్ల దాకా ఒకే గుంపులో వెళ్లొచ్చు. గోదావరి డెల్టాలో ఈ ఆటకి ఏ ఊరు పనికొస్తుంది, ఎక్కడ దిగాలి, ఎవరి చేత వండించుకోవాలి, ఏ రోజుల్లో అటు పోకూడదు అన్నవి ఇక్కడ రాస్తున్నాం.

డెల్టా అంతా బల్లపరుపు. కొండా లేదు, రాయీ లేదు, ఎటైనా పోవచ్చనిపిస్తుంది. కానీ ఇక్కడ దారి నిర్ణయించేది నీళ్లే. అవతలి గట్టు మీద మనుషుల మొహాలు కూడా కనిపిస్తుంటాయి, దాటడానికి వంతెన మాత్రం కిలోమీటరో రెండు కిలోమీటర్లో పోతేగానీ రాదు. చుట్టూ కాలువలు, బోదెలు, మురుగు కోడులు. అందుకని బస ఎక్కడ బాగుందా అని ముందు వెతక్కండి. వంతెనలు దగ్గర దగ్గరగా ఉన్న చోటు ఏదో చూసుకుని, ఆ తర్వాత బస మాట్లాడుకోవాలి. రివర్ వ్యూ గది ముందు బుక్ చేసేసి, తర్వాత దారి కోసం తిరిగే గుంపులన్నీ చివరికి తారు రోడ్డు మీద లారీల పక్కన పరిగెడతాయి.

ఆ లెక్కన మా మొదటి ఓటు లొల్ల–ఆత్రేయపురం–ర్యాలి వైపుకే. రాజమండ్రిలో రైలు దిగి, ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంకలో దిగితే అక్కడి నుంచి కాలువ వెంటే రోడ్డు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించిన ఆనకట్టతో ఈ డెల్టాకి నీళ్లొచ్చాయి. ఇప్పటి బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు. మధ్య డెల్టా కాలువ బొబ్బర్లంక దగ్గర బయల్దేరి లొల్ల లాకుల దగ్గర, అంటే నీటిని ఆపి వదిలే తలుపుల దగ్గర, పాయలుగా చీలుతుంది. కాలువ చీలిందంటే గట్లు, వంతెనలు, అడ్డదారులు పెరిగినట్టే. కుందేళ్లకి కావలసింది అదే.

రోడ్డున్న గట్టు వదిలేసి అవతలి మట్టి గట్టు పట్టుకోవాలి. ఒక వంతెన దగ్గర దాటించి, కొబ్బరి తోటల మధ్య ఎడ్లబండి బాటలోకి దించి, ఊరి వెనకనుంచి తిప్పి మళ్లీ కాలువ మీదికి తేవచ్చు. పరిగెత్తేవాళ్లకి ఎనిమిది కిలోమీటర్లు, నడిచేవాళ్లకి నాలుగున్నర వేస్తే ఇద్దరూ గంటన్నరలో ఒకేచోటికి చేరతారు. రెండు దారులూ కనీసం రెండుచోట్ల కలవాలి. ఆ రెండూ వంతెనల దగ్గరే పెడితే ఎవరూ దారి తప్పరు, తలలు లెక్కపెట్టడం కూడా తేలిక. లాకుల దగ్గరే బయల్దేరాలన్న పట్టుదల వద్దు. సెలవురోజుల్లో అక్కడ ఫొటోలు తీయించుకునే జంటలు, కార్లు కిక్కిరిసి ఉంటాయి. అర కిలోమీటరు దిగువన మొదలుపెట్టి, లాకులు మధ్యలో తగిలేలా వేయండి.

శనివారాల్లో మాత్రం అటు పోవద్దు. వాడపల్లి వెంకన్న దర్శనానికి ఏడు శనివారాలు మొక్కుకున్న జనం రావులపాలెం నుంచి, బొబ్బర్లంక నుంచి ఇదే గట్టు రోడ్డు మీద వస్తారు. తెల్లవారకముందే మొదలై మధ్యాహ్నం దాకా బస్సు కదలదు. ఆదివారం పొద్దున్న శుభ్రంగా ఉంటుంది. ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం చూడాలంటే, ముందువైపు విష్ణువు, వెనకవైపు మోహిని ఒకే రాతిలో, పరుగు ముగించి స్నానాలయ్యాక మధ్యాహ్నం గుడి మూసేలోపు వెళ్లాలి. బురద కాళ్లతో గుంపంతా గుడి ముందు ఆగడం ఊళ్లోవాళ్లకి నచ్చదు.

ఇక గుర్తుల సంగతి. అసలు కష్టం ఇక్కడే. పిడికెడు పిండి నలభై అడుగుల నుంచి నూటయాభై అడుగుల మధ్య, మలుపుల్లో దగ్గరగా, తిన్నటి గట్టు మీద దూరంగా వేయాలి. సగటున కిలోమీటరుకి కిలో చొప్పున పడుతుంది. తప్పుదారులకి ఇంకో మూడో వంతు కలుపుకోండి. ఎనిమిది కిలోమీటర్లకి పదకొండు కిలోలు చేతిలో ఉంటే చివర్లో వెలితి పడదు. బజార్లో ముగ్గుపిండి పేరుతో అమ్మేది చాలాచోట్ల రాతిపొడి. చవగ్గా దొరుకుతుంది, మంచుకి చెదరదు కూడా. కానీ తోటల్లో, పశువులు తిరిగేచోట బియ్యప్పిండే వాడాలి. సున్నం అసలు వద్దు. చెమట పట్టిన కాళ్లకి తగిలితే మండుతుంది, కాలువలో పడితే అడిగేవాళ్లకి జవాబు చెప్పుకోలేం.

పిండిని కోళ్లు, చీమలు తినేస్తాయి. తెల్లవారుజామున మంచుకి తడిసి అణిగిపోతుంది. అందుకని ముందురోజు సాయంత్రం వేసిన దారి పొద్దున్నకి సగం ఉండదు. కుందేళ్లు గుంపు కంటే గంటన్నర ముందు బయల్దేరి అప్పటికప్పుడు వేయడమే దారి. ఊరి వీధుల్లో ఇంకో చిక్కు. ప్రతి గుమ్మం ముందూ ముగ్గే. ధనుర్మాసంలోనైతే వీధంతా తెలుపే. అక్కడ పిండి మానేసి కరెంటు స్తంభాల మీద, మైలురాళ్ల మీద సుద్దముక్కతో బాణం గుర్తు వేయాలి. ఎవరింటి గోడ మీదా గీయకూడదు. తోటల్లో కొబ్బరాకు చీల్చి కొమ్మకి ముడివేస్తే దూరం నుంచి కూడా కనిపిస్తుంది, చెత్తా మిగలదు. మూడు బాటలు కలిసేచోట పిండితో గుండ్రం గీసి మధ్యలో ఎర్రరంగు గానీ పసుపు గానీ చల్లారో, పొద్దున్నే చూసినవాళ్లు ఎవరో ఏదో చేయించారని హడలిపోతారు. తెలుపు ఒక్కటే వాడండి. ముందురోజే పంచాయతీలోనూ, రోడ్డు పక్క టీ బడ్డీలోనూ చెప్పి ఉంచండి. టీ బడ్డీలో చెబితే గంటలో ఊరంతా తెలుస్తుంది.

వరిచేల గట్ల మీదికి ఎక్కొద్దు. మెత్తటి గట్టు యాభై మంది కాళ్లకి జారి, మడిలో నీరు కిందికి పోతుంది. సార్వా (మొదటి పంట) కోతలు అయ్యాక ఖాళీగా కనిపించే చేలో కూడా మినుములో పెసలో చల్లి ఉంటాయి, లేదా దాళ్వాకి (రెండో పంటకి) నారుమడి పోసి ఉంటుంది. రొయ్యల చెరువుల దగ్గరికి అసలు పోకూడదు. ఒక చెరువు రోగం ఇంకో చెరువుకి చెప్పుల వెంట వస్తుందని రైతులకి భయం, ఆ భయం న్యాయమైనది. పైగా ఏరేటర్లకి వెళ్లే కరెంటు వైర్లు గట్టు మీదే పాకి ఉంటాయి. కొబ్బరి తోటలో కాయల దింపు జరుగుతుంటే ఆ తోట వదిలేసి దారి మార్చాలి. దింపు లేని రోజైనా సరే, ఆట అయ్యాక అందరూ గుండ్రంగా నిలబడి పాటలు పాడుకునేది చెట్టు కింద మాత్రం పెట్టుకోవద్దు. ఎండు మట్ట ఒక్కటి చాలు.

వాన పడిన మర్నాడు ఇక్కడి ఒండ్రు మట్టి బూటుకి పట్టుకుంటే వదలదు. పదడుగులకి అడుగున ఇంకో అట్ట చేరుతుంది, ఇరవై అడుగులకి కాలు ఎత్తడమే బరువు. అడుగున లోతు గాడులున్న ఖరీదైన బూట్లలో అది ఇంకా గట్టిగా ఇరుక్కుంటుంది. అరిగిపోయిన పాత బూట్లే మేలు. గీక్కోడానికి ఎండు కొబ్బరి మట్ట ముక్క సరిగ్గా సరిపోతుంది. మనిషికి ఒక జత పాత బట్టలు, బూట్లకి ఒక గోనెసంచి బస్సులో ఉంచాలి.

బసకి మాట్లాడేటప్పుడు మంచాల సంఖ్య కన్నా బాత్రూముల సంఖ్య ముందు అడగండి. యాభై మంది బురదతో ఒకేసారి వస్తారు. మండువా లోగిళ్లను హోమ్‌స్టేలుగా మార్చినవి ఈ చుట్టుపక్కల ఉన్నాయి. పన్నెండు, పదిహేను మందికి వాటిని మించినవి లేవు. తిండి ఇంట్లో వండినట్టే ఉంటుంది, పెరట్లో నుయ్యి దగ్గర కాళ్లు కడుక్కోవచ్చు. కానీ రెండో మూడో స్నానాల గదులుంటాయి, రాత్రి తొమ్మిది దాటాక సందడి చేస్తే పక్కింటివాళ్లకి నిద్ర ఉండదు. పెద్ద గుంపుకి కళ్యాణ మండపమే సరి. వరసగా బాత్రూములు, వంటశాల, బస్సు తిప్పుకునేంత ఆవరణ, పరుపులు అద్దెకిచ్చే షామియానా దుకాణం, అన్నీ పక్కపక్కనే. డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా ధనుర్మాసం, ముహూర్తాలు ఉండవు కాబట్టి మండపాలు ఖాళీ. అప్పుడే కాలువల్లో నీరు ఉంటుంది, ఎండ తగ్గుతుంది. ఏడాదిలో మంచి నెల అదే. భోగికి నాలుగు రోజుల ముందే ముగించుకోవాలి. పండగ మూడు రోజులూ ఈ జిల్లాలో గది దొరకడం కల్ల. వేసవిలో కాలువలు కట్టేసి మరమ్మతులు చేస్తారు, గట్ల మీద మట్టి కుప్పలు తప్ప ఏమీ ఉండవు.

దిండి గురించి అందరూ అడుగుతారు. వశిష్ఠ ఒడ్డున పర్యాటక శాఖ రిసార్టు, హౌస్‌బోట్లు ఉన్నాయి. సాయంత్రం నది మీద తిరగడం హాయిగా ఉంటుంది, పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబాలకి తప్పకుండా చెబుతాం. కానీ మన ఆటకి దిండి రెండో స్థానమే. ఒకవైపు నది, ఇంకోవైపు రోడ్డు, చెరువులు, తిప్పడానికి చోటు తక్కువ. హౌస్‌బోటులో తడి బూట్లు ఆరవు, గదులు కొద్ది. ఆదివారం పొద్దున్న ఆత్రేయపురం వైపు పరిగెత్తి, మధ్యాహ్నం భోంచేసి, రాత్రికి దిండి చేరి అక్కడ విశ్రాంతి తీసుకుంటే రెండూ దక్కుతాయి. దిండి నుంచి చించినాడ వంతెన దాటితే పాలకొల్లు, అక్కడ హైదరాబాదుకి రాత్రి రైలు ఎక్కొచ్చు. తిరుగు ప్రయాణానికి మళ్లీ రాజమండ్రి పోనక్కర్లేదు.

అంతర్వేదిలో వశిష్ఠ సముద్రంలో కలిసే చోట తడి ఇసక గట్టిగా ఉంటుంది. తిన్నగా పరిగెత్తాలనుకునేవాళ్లకి మంచిదే, దాక్కోడానికి ఏమీ లేదు కాబట్టి కుందేళ్ల ఆటకి పనికిరాదు. మాఘ మాసంలో భీష్మ ఏకాదశి కళ్యాణం రోజుల్లో అటు చూడొద్దు. సఖినేటిపల్లి–నరసాపురం పంటు మీద నది దాటడం సరదాయే, కానీ దాన్ని దారి మధ్యలో పెడితే గుంపు రెండు ముక్కలై, రెండో ముక్క రేవులో నిలబడిపోతుంది. కడియం నర్సరీలు మర్నాడు నడకకి బాగుంటాయి, కుండీల మధ్య పరుగులు వద్దు. కోరింగ మడ అడవుల్లో చెక్కబాట మీద నెమ్మదిగా నడవాలి. అభయారణ్యంలో పిండి చల్లడం, కేకలు వేయడం పనికిరావు.

భోజనానికి ఊరి వంట మాస్టారుకి ఆకుకి ఇంతని మాట్లాడుకుంటే హోటలుకి సగంలో అయిపోతుంది. పనసపొట్టు కూర, కంద బచ్చలి, ముద్దపప్పు, చేపల పులుసు చెప్పండి. డిసెంబరులో పులస ఉందని ఎవరైనా అంటే నమ్మొద్దు, అది వరదనీటి రోజుల చేప. టిఫిన్‌కి అంబాజీపేట వైపు పనసాకు బుట్టల్లో ఉడికించే పొట్టిక్కలు ముందురోజే ఆర్డరివ్వాలి, బుట్టలు కుట్టడానికే చాలా సమయం పడుతుంది. దారి చివర చల్లటి సీసాలు పంచే అలవాటున్న క్లబ్బులు ఇక్కడ కొబ్బరి బొండాలకి మారాలి. మనిషికి రెండు చొప్పున తోటలోనే మాట్లాడుకుని, కొట్టడానికి కత్తి మనిషి కూడా తోటవాళ్లదే అయ్యేలా చూసుకోండి. గుడి ఊళ్ల దగ్గర మందు సీసాలు బయటకి తీస్తే మరుసటేడు ఆ గట్టు మీద కాలు పెట్టనివ్వరు.

డిసెంబరులో సాయంత్రం అయిదున్నరకే పొద్దు గూకుతుంది. గట్టు మీద ఆ వేళకి పాములు తిరుగుతాయి కాబట్టి మధ్యాహ్నం ఆట పెడితే నాలుగున్నరకల్లా చివరి మనిషి చేరాలి. ఏదైనా అయితే ఆకులూ పసర్లూ అంటూ ఆగకుండా 108కి ఫోన్ చేసి, ఏ వంతెనకి ఏ వైపున ఉన్నారో చెప్పండి. ఊరి పేరు ఒక్కటే చెబితే అంబులెన్సు అవతలి గట్టుకి వచ్చి ఆగుతుంది.

ఆత్రేయపురంలో పూతరేకులు కొనేముందు చేసేది ఒకసారి చూడండి. బోర్లించిన కుండ కింద మంట, చేతిలో పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డ. గుడ్డని కుండ మీద ఒక్కసారి అలా లాగితే అప్పటికప్పుడే రేకు విడుస్తుంది, చేతి నీడ కనిపించేంత పల్చన. మంట కొంచెం ఎక్కువైతే రేకు చిట్లిపోతుంది, తగ్గితే కుండకే అంటుకుంటుంది. 2023లో వీటికి భౌగోళిక గుర్తింపు వచ్చాక దుకాణాలు పెరిగాయి. అట్టపెట్టెలో ముందే పేర్చి పెట్టినవి కాకుండా, అప్పటికప్పుడు నెయ్యి రాసి చుట్టించుకుంటే రుచి వేరు. బెల్లం రకం త్వరగా మెత్తబడుతుంది, పంచదారది ఎక్కువ నిలుస్తుంది. పెట్టెలు బస్సులో బూట్ల సంచులకి దూరంగా, పైన పెట్టుకోండి.